వన్యప్రాణి, ప్రకృతి ఛాయాచిత్రాలపై అభిప్రాయం చెప్పడం: అపోహలు - వాస్తవాలు

హైదరాబాద్‌లో కెమెరా కొనుక్కుని పక్షుల వెంట బయలుదేరేవారిలో చాలామందికి తొలి బడి అమీన్‌పూర్ చెరువే. 2016లో జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా గుర్తింపు పొందిన ఆ చెరువు గట్టు మీద చలికాలపు ఆదివారాల్లో కొత్తవారితో కలిసి నడవడం, ఆ తర్వాత వారి ఫోటోలు ముందు పెట్టుకుని మాట్లాడటం పన్నెండేళ్లుగా నేను చేస్తున్న పని. ఫోటో ఎలా తీయాలో నేర్పేవారు ఈ ఊళ్లో చాలామంది ఉన్నారు. తీసిన ఫోటో గురించి ఎలా మాట్లాడాలో నేర్పేవారు మాత్రం అరుదు కావడంతో ఈ విషయంలో కొన్ని అపోహలు గట్టిగా పాతుకుపోయాయి.

అపోహ: మెచ్చుకుంటే ఉత్సాహం పెరుగుతుంది, లోపం చెబితే మనసు విరుగుతుంది.

వాస్తవం: ‘బాగుంది’, ‘అద్భుతం’ అన్న మాటల్లో ఆ ఫోటోను నిదానంగా చూసిన ఆనవాలే ఉండదు కనుక, అవి విన్నవారికి మరుసటి ఉదయం చెరువు దగ్గర చేయడానికి కొత్తగా ఏమీ మిగలదు. పోయిన జనవరిలో ఒక బ్యాంకు ఉద్యోగిని గండిపేట దగ్గర తీసిన తెల్లకొంగ ఫోటో తెచ్చి, “అందరూ బాగుందంటున్నారు సార్, నాకే ఎందుకో తృప్తిగా లేదు” అన్నారు. “ఇందులో మీకు బాగా నచ్చినదేమిటి మేడమ్?” అని అడిగాను. “మెడ వంపు సార్. నీళ్లలో దాని నీడ కూడా అలాగే వంగి కనిపించింది” అన్నారు. ఆ ఒక్క జవాబుతో నేను ఏం చూడాలో తేలిపోయింది. ఆమె ఇష్టపడి తీసిన ఆ నీడలో ముక్కు భాగం ఫ్రేమ్ కింది అంచు దగ్గర తెగిపోయి ఉంది. వీపు మీద ఈకల గీతలు ఒక్కటీ కనిపించకుండా సున్నం పూసినట్టు తెల్లటి మచ్చ పడింది. చుట్టూ నల్లటి నీరు ఎక్కువగా ఉన్నప్పుడు వెలుగును కొలిచే కెమెరా మీటర్ ఆ చీకటిని చూసి మొత్తం దృశ్యాన్ని వెలిగించాలని ప్రయత్నిస్తుందనీ, తెల్లపక్షికి ఆ వెలుగు మితిమీరుతుందనీ, ఎక్స్‌పోజర్‌ను ఒక స్టాప్ తగ్గించి, అంటే వెలుగును సగం చేసి తీసి, ఫోటోలో చీకటి, వెలుగు ఎంతెంత ఉన్నాయో చూపే హిస్టోగ్రామ్ గ్రాఫ్‌లో వెలుగు వైపైన కుడి అంచును చూసుకోవాలనీ చెప్పాను. రెండు వారాల తర్వాత ఆమె తెచ్చిన ఫోటోలో ఈకలు విడివిడిగా కనిపించాయి, నీడ పూర్తిగా ఫ్రేమ్‌లో ఉంది. ఈసారి కన్ను ఫోకస్ తప్పింది కాబట్టి ఆ రోజు దాని గురించి మాట్లాడుకున్నాం.

తీసినవారు దేనికి ఆగారో తెలుసుకోకుండా చెప్పే అభిప్రాయం, మనమైతే తీసి ఉండే ఫోటో గురించి చెప్పే అభిప్రాయంగా మారిపోతుంది. అందుకే నేను ప్రశ్నతో మొదలుపెడతాను. ఆపైన ఏమి కనిపిస్తోంది, అది ఎందుకు అలా వచ్చింది, మళ్లీ వెళ్లినప్పుడు ఏం చేయవచ్చు అన్న వరుసలో మాట్లాడతాను.

అపోహ: ఫోటో స్పష్టంగా లేదంటే లెన్స్ మంచిది కాదు, లేదా చేతిలో పట్టు లేదు.

వాస్తవం: ముందుగా మనం దేనిలో చూస్తున్నామో చూసుకోవాలి. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫోటో కుదించుకుపోతుంది, అందులోని సన్నటి వివరాలు చెరిగిపోతాయి, షట్టర్ వేగం, ఐఎస్‌వో (వెలుగు పట్ల కెమెరా సున్నితత్వం) వంటి సమాచారం కూడా వెంట రాదు. అటువంటి ఫోటోను ఫోన్ తెరపై చూసి స్పష్టత మీద తీర్పు చెప్పడం అన్యాయం. డాక్యుమెంటుగా పంపమని అడగడానికి అర నిమిషం చాలు. అసలు ఫైలు చూసిన తర్వాత కూడా కారణాలను వేరుచేయాలి. రెక్క మాత్రమే మసకగా ఉండి కన్ను తీరుగా ఉంటే షట్టర్ వేగం రెక్క కదలికకు చాలలేదని అర్థం. మొత్తం ఫ్రేమ్ ఒకే దిక్కుకు సాగినట్టుంటే కెమెరా కదిలింది. పక్షి వెనక ఉన్న గడ్డి స్పష్టంగా ఉండి పక్షి మసకబారితే ఫోకస్ వెనక్కి జారింది. మార్చి, ఏప్రిల్ నెలల్లో పదిగంటలు దాటాక చెరువు అవతలి ఒడ్డున ఉన్న కొంగలను పొడవాటి లెన్స్‌తో తీస్తే, వేడెక్కిన నేల మీద గాలి పొరలు కదులుతూ అంచులన్నీ అలలు అలలుగా వస్తాయి. ఎంత ఖరీదైన లెన్స్ అయినా దాన్ని సరిచేయలేదు. ఈ సంగతి ఎవరూ చెప్పకపోవడం వల్ల, ఉన్న లెన్స్ అమ్మి మరొకటి కొన్నవారిని నేను చూశాను, అందుకు నాకు నిజంగా బాధ కలిగింది.

అపోహ: మూడింట ఒక వంతు నియమం పాటించని ఫోటో కూర్పు తప్పు.

వాస్తవం: ఫ్రేమ్‌ను అడ్డంగా, నిలువుగా మూడు భాగాలు చేసి, ముఖ్యమైనదాన్ని నడుమన కాక ఆ గీతల దగ్గర ఉంచాలన్నది ఈ నియమం. ఈ పేరుతో దాన్ని 1797లో రాసిపెట్టిన జాన్ థామస్ స్మిత్ ఒక చిత్రకారుడు. గ్రామీణ దృశ్యాల చిత్రలేఖనం గురించి చెబుతూ ఆయన ఆ మాట రాశారు. ఖాజాగూడలో సుమారు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైట్ గుండు ఒకటి మరొకదానిపై నిలిచి ఉన్న దృశ్యాన్ని నట్టనడుమ పెట్టి తీస్తే ఆ బరువు, ఆ నిలకడ మనకు తెలుస్తాయి. దాన్ని పక్కకు జరపమని చెప్పాలంటే, జరిపితే ఏమి మెరుగవుతుందో కూడా మనం చెప్పగలగాలి. ప్రకృతి దృశ్యాలలో నేను నియమం కంటే ముందు అంచులను చూస్తాను. మూలలో చొరబడిన కరెంటు తీగ, సగం తెగిన కొమ్మ, ఒరిగిపోయిన నీటి గీత వంటివి తీసేవారి కంటికి ఆ క్షణంలో ఆనవు.

అరుదైన జంతువు పడితే ఫోటో గొప్పదన్నది మరొక నమ్మకం. అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో పులి ఎదురుపడితే సంతోషించాల్సిందే. కానీ వెలుగు, నేపథ్యం, తీసిన క్షణం గురించిన ప్రశ్నలు పులికైనా ఇంటి ముందరి గోరింకకైనా ఒక్కటే.

అపోహ: ఎడిటింగ్ చేసిన ఫోటో మోసం, దానిపై అభిప్రాయం చెప్పనక్కర్లేదు.

వాస్తవం: అమెరికా ఫోటోగ్రాఫర్ ఆన్సెల్ ఆడమ్స్ 1941లో న్యూ మెక్సికోలో తీసిన చంద్రోదయపు ఫోటోను ఆ తర్వాత దశాబ్దాల పాటు ముద్రిస్తూనే ఉన్నారు. కాలం గడిచేకొద్దీ ఆ ముద్రణల్లో ఆకాశం మరింత నల్లబడుతూ వచ్చింది. వెలుగునీడల్ని సర్దడం ఈ కళలో మొదటి నుంచీ ఉన్నదే. లేని పక్షిని తెచ్చి అతికించి వన్యప్రాణి ఫోటోగా చూపించడం మాత్రం వేరే సంగతి. ఈ రెండింటి మధ్య గీత ఎక్కడో చెప్పడం అభిప్రాయం చెప్పేవారి పనే.

అపోహ: ఫోటో ఎలా తీశారన్నది విమర్శకుడికి అనవసరం.

వాస్తవం: నేను పూర్తిగా విభేదించేది దీనితోనే. లండన్‌లోని నేచురల్ హిస్టరీ మ్యూజియం నిర్వహించే వన్యప్రాణి ఫోటోల పోటీలో 2009 విజేతగా నిలిచిన తోడేలు ఫోటోను, ఆ తోడేలు శిక్షణ పొందిన జంతువై ఉండవచ్చని న్యాయనిర్ణేతలు నిర్ధారణకు రావడంతో 2010లో పోటీ నుంచి తొలగించారు. మన ఊళ్లో ఇదే ప్రశ్న దసరా రోజుల్లో వస్తుంది. పాలపిట్టను చూస్తే శుభమన్న నమ్మకాన్ని ఆసరా చేసుకుని వాటిని పట్టి పంజరాల్లో పెట్టి తిప్పుతారు. అది 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. ఒక కుర్రవాడు అటువంటి పాలపిట్టను దగ్గరగా తీసి, పంజరం కనబడకుండా క్రాప్ చేసి తెచ్చాడు. రంగులు చక్కగా వచ్చాయి, కానీ రెక్కల చివర్లు కత్తిరించినట్టు మొండిగా ఉన్నాయి. “తమ్ముడూ, ఈ రెక్క ఒకసారి పెద్దది చేసి చూడు” అని మాత్రమే అన్నాను. అతను చాలాసేపు చూసి, ఫోన్ జేబులో పెట్టుకున్నాడు.

గూళ్ల ఫోటోల విషయంలోనూ నేను ఎంత దూరం నుంచి తీశారు, ఎంతసేపు ఉన్నారు, అడ్డుగా ఉన్న కొమ్మను పక్కకు వంచారా అని తప్పక అడుగుతాను. ముక్కున పురుగుతో గూటి బయట ఆగి, కెమెరా వైపు చూస్తున్న పక్షి ఫోటోను ‘ఎంత చక్కటి చూపు’ అని మెచ్చుకునేవారు చాలామంది. చాలాసార్లు అది, మనం పక్కకు తప్పుకునే దాకా పిల్లలకు మేత పెట్టలేక ఆగిపోయిన పక్షి. ఆ సంగతి ఫోటో తెచ్చినవారికి చూపించిన రోజున, దాని వెలుగు గురించీ కూర్పు గురించీ ఇంకేమీ మాట్లాడను.