పదవి దిగాక మిగిలిన ఆయుష్షు: నూరేళ్ల అంచుకు చేరిన ఇద్దరు ప్రధానుల నేపథ్యం

అమెరికా మాజీ అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ నూరేళ్లు నిండిన మూడు నెలలకు, 2024 డిసెంబర్ 29న కన్నుమూశారు. మలేసియా మాజీ ప్రధాని మహతీర్ మొహమ్మద్‌కు 2025 జూలై 10న నూరేళ్లు నిండాయి. అదే నెల 21న కేరళ మాజీ ముఖ్యమంత్రి వి.ఎస్. అచ్యుతానందన్, అక్టోబర్ 17న జపాన్ మాజీ ప్రధాని తొమిఇచి మురయామా మరణించారు. ఇద్దరి వయసూ 101 ఏళ్లే. ఏడాది తిరగకుండానే ఇన్ని శతాధిక జీవితాలు వార్తల్లోకి రావడంతో వారి ఆహార నియమాల గురించీ, దినచర్య గురించీ పత్రికలు విస్తారంగా రాశాయి. పదవి దిగిన తర్వాత అన్ని దశాబ్దాలు ఒక నాయకుడు ఎలా బతకాలి, ఆ బతుకులో ప్రభుత్వం బాధ్యత ఎంత అన్న ప్రశ్న మాత్రం ఆ రాతల్లో పెద్దగా కనిపించలేదు. మన దేశంలో ఈ ప్రశ్నకు పాత చరిత్రే ఉంది. దాన్ని అర్థం చేసుకోవడానికి మొరార్జీ దేశాయ్, గుల్జారీలాల్ నందా జీవితాలను మించిన ఆధారం లేదు.

భారత ప్రధానమంత్రి పదవిని నిర్వహించినవారిలో ఇంతవరకు ఎవరూ నూరేళ్లు పూర్తి చేయలేదు, కానీ వీరిద్దరూ ఆ గడప దాకా వెళ్లారు. 1896 ఫిబ్రవరి 29న నేటి గుజరాత్‌లోని వల్సాడ్ సమీపాన భదేలీలో పుట్టిన మొరార్జీ 1995 ఏప్రిల్ 10న ముంబైలో మరణించారు. 1898 జూలై 4న ఇప్పుడు పాకిస్తాన్‌లో ఉన్న సియాల్‌కోట్‌లో పుట్టిన నందా 1998 జనవరి 15న అహ్మదాబాద్‌లో తుదిశ్వాస విడిచారు. అంటే మొరార్జీ 99 ఏళ్లు నిండిన దాదాపు నలభై రోజులకు, నందా తొంభై తొమ్మిదిన్నరేళ్ల వయసులో వెళ్లిపోయారు. 1900 లీపు సంవత్సరం కానందువల్ల మొరార్జీ పుట్టిన తేదీ మొదటిసారి తిరిగి వచ్చేసరికి ఆయనకు ఎనిమిదేళ్లు నిండాయి. జీవితం మొత్తంలో ఆ తేదీ ఆయనకు 23 సార్లే దక్కింది. నూరవ పుట్టినరోజు కూడా లీపు సంవత్సరమైన 1996లోనే వచ్చేది.

ఈ ఆయుష్షు ఎంత అరుదైనదో తెలియాలంటే వారు పుట్టిన కాలాన్ని చూడాలి. మొరార్జీ పుట్టిన ఏడాదే బొంబాయి నగరంలో ప్లేగు ప్రబలింది. అదే ఏడాది మొదలైన కరువు దేశంలో చాలా భాగాన్ని పీల్చేసింది. మరో మూడేళ్లకు గుజరాత్‌ను ఛప్పనియా కరువు పట్టుకుంది. వీరు ఇరవైల్లో ఉన్న 1918లో ఇన్‌ఫ్లుయెంజా ఈ దేశంలో కోటి మందికి పైగా ప్రాణాలు తీసింది. ఆ దశాబ్దంలో పుట్టిన భారతీయుడి సగటు ఆయుర్దాయం పాతికేళ్లకు లోపే ఉండేది. స్వాతంత్ర్యం వచ్చేనాటికి కూడా అది సుమారు 32 ఏళ్లు మాత్రమే. అయితే సగటు అంతగా పడిపోవడానికి ప్రధాన కారణం శిశుమరణాలు. బాల్యాన్నీ, అంటువ్యాధులనూ, జైలు జీవితాన్నీ దాటుకుని అరవయ్యో ఏట మంత్రి పదవిలో ఉన్న మనిషి అప్పటికే ఎన్నో గండాలు గడిచినవాడు, వైద్యం అందుబాటులో ఉన్నవాడు. నాయకుల దీర్ఘాయువును వారి ఒకటి రెండు అలవాట్లకు ముడిపెట్టేవారు ఈ సంగతిని మరిచిపోతారు. మొరార్జీ తన ఆరోగ్యానికి కారణాలుగా మితాహారాన్ని, బ్రహ్మచర్య వ్రతాన్ని, చివరకు స్వమూత్ర చికిత్సను కూడా బాహాటంగా చెప్పుకున్నారు. 1978లో ఒక అమెరికన్ టెలివిజన్ ఇంటర్వ్యూలో ఆయన చెప్పిన ఆ మాట ప్రపంచమంతా పాకింది. ఆయన నిజాయితీని శంకించనక్కరలేదు, కానీ ఒక మనిషి నమ్మకం వైద్యానికి రుజువు కాజాలదు.

మొరార్జీ జీవితంలో వయసు ప్రతి మలుపులోనూ ఒక రాజకీయ అంశమే. 1930లో డిప్యూటీ కలెక్టర్ ఉద్యోగం వదిలి సత్యాగ్రహంలో చేరిన ఆయన 1952లో బొంబాయి ముఖ్యమంత్రి అయ్యారు. ఆ తర్వాత కేంద్రంలో ఆర్థిక మంత్రిగా మొత్తం పది బడ్జెట్లు ప్రవేశపెట్టారు. నెహ్రూ తర్వాత, శాస్త్రి తర్వాత ప్రధాని పదవికి ప్రయత్నించి రెండుసార్లూ దాన్ని అందుకోలేకపోయారు. 1975 జూన్‌లో అత్యవసర పరిస్థితి విధించగానే ఆయనను నిర్బంధించినప్పుడు ఆయన వయసు 79. పందొమ్మిది నెలల నిర్బంధం నుంచి బయటికొచ్చిన వృద్ధుడు 1977 మార్చి 24న, 81 ఏళ్ల వయసులో, ప్రధానిగా ప్రమాణం చేశారు. అంతటి వయసులో ఆ పదవిని తొలిసారి చేపట్టినవారు ఆయనకు ముందూ లేరు, తర్వాతా లేరు. ఇరవై ఎనిమిది నెలల తర్వాత ఆ ప్రభుత్వం కూలిపోయింది. 1980 ఎన్నికల్లో ఆయన ప్రచారం చేశారు గాని పోటీ చేయలేదు. ఆపై పదిహేనేళ్లు ముంబైలో క్రియాశీల రాజకీయాలకు దూరంగా గడిపారు. 1991లో భారతరత్న వచ్చేనాటికి ఆయనకు 95 ఏళ్లు.

నందా కథ ఇంకా లోతుగా చెప్పుకోదగినది, ఎందుకంటే దేశం ఆయనను బతికుండగానే మరిచిపోయింది. అలహాబాద్ విశ్వవిద్యాలయంలో కార్మిక సమస్యలపై పరిశోధన చేసి, బొంబాయి నేషనల్ కాలేజీలో అర్థశాస్త్రం బోధించిన ఆ యువకుడు 1922లో అహ్మదాబాద్ నూలు మిల్లు కార్మికుల సంఘానికి కార్యదర్శి అయ్యారు. గాంధీజీ మార్గదర్శకత్వంలో ఏర్పడిన ఆ మజూర్ మహాజన్ సంఘంలో 1946 వరకు, అంటే దాదాపు పావు శతాబ్దం, పనిచేశారు. బొంబాయి రాష్ట్ర కార్మిక మంత్రిగా, తర్వాత ప్రణాళికా సంఘం ఉపాధ్యక్షుడిగా, కేంద్ర ప్రణాళికా మంత్రిగా స్వతంత్ర భారత తొలి పంచవర్ష ప్రణాళికలకు రూపమిచ్చినవారిలో ఆయన ముఖ్యులు. ఆయన హోం మంత్రిగా ఉన్న 1964లోనే కేంద్ర విజిలెన్స్ కమిషన్ ఏర్పడింది. నెహ్రూ మరణించినప్పుడు 1964 మే 27 నుంచి జూన్ 9 వరకు, శాస్త్రి తాష్కెంట్‌లో మరణించినప్పుడు 1966 జనవరి 11 నుంచి 24 వరకు ఆయనే ప్రధాని బాధ్యతలు నిర్వహించారు. పాఠ్యపుస్తకాల్లో ఆయన పేరు ఈ రెండు పక్షాల తాత్కాలిక పాలనకే కుదించుకుపోవడం నాకు బాధ కలిగించే విషయం. 1966 నవంబర్‌లో గోరక్షణ ఆందోళన పార్లమెంటు ముందు హింసాత్మకంగా మారిన తర్వాత ఆయన హోం శాఖను వదులుకున్నారు; 1970లో రైల్వే మంత్రిగా తిరిగి వచ్చి కొంతకాలం పనిచేశారు. డెబ్బైల తర్వాత ఆయన పేరు ఢిల్లీ రాజకీయాల్లో వినిపించడం మానేసింది. కురుక్షేత్ర తీర్థ ప్రాంత అభివృద్ధికి 1968లో ఏర్పడిన బోర్డు పనిని మాత్రం ముసలితనంలోనూ పట్టుకుని ఉన్నారు. ఆయనకు సొంత ఇల్లు లేదు. చివరి సంవత్సరాలు అహ్మదాబాద్‌లో కుమార్తె దగ్గర గడిచాయి. 1997లో, 99వ ఏట, ఆయనకు భారతరత్న ప్రకటించినప్పుడు, నందా ఇంకా బతికే ఉన్నారా అని ఆశ్చర్యపోయిన తరం అప్పటికే ఓటర్లలో సగానికి పైగా ఉండి ఉంటుంది.

ఇంతటి మనిషి వార్ధక్యం ఇలా గడవడానికి ఎవరి కృతఘ్నతో మాత్రమే కారణం కాదు. మన వ్యవస్థ రూపుదిద్దుకున్న తీరు కూడా కారణమే. రాష్ట్రపతికి పదవీకాలం నిర్ణీతం కాబట్టి, పదవి దిగిన రాష్ట్రపతికి పింఛను ఇచ్చే చట్టం 1951లోనే వచ్చింది. ప్రధానికి అలాంటి చట్టం లేదు. పార్లమెంటు సభ్యుల జీతభత్యాల చట్టం 1954లో వచ్చినా అందులో పింఛను ఊసు లేదు. 1976లో చేసిన సవరణతోనే, ఐదేళ్లు సభ్యులుగా ఉన్నవారికి నెలకు 300 రూపాయల పింఛను మొదలైంది. అండమాన్ జైలు అనుభవించిన రాజకీయ ఖైదీలకు 1969లోనూ, స్వాతంత్ర్య సమరయోధులందరి కోసం రజతోత్సవ సంవత్సరమైన 1972లోనూ పింఛను పథకాలు వచ్చాయి. 1972 నాటి పథకం మొదట్లో తక్కువ ఆదాయం ఉన్నవారికే పరిమితం కాగా, 1980లో ఆ పరిమితిని తొలగించి దాన్ని గౌరవ పింఛనుగా మార్చారు. ఏర్పాట్లన్నీ ఇలా విడివిడిగా, ఆలస్యంగా వచ్చినవే.

ప్రధాని విషయంలో ఈ ఆలోచన రాకపోవడానికి మరో కారణం ఉంది. నెహ్రూ పదవిలో ఉండగానే 74వ ఏట మరణించారు. శాస్త్రి కూడా పదవిలో ఉండగానే 61వ ఏట పోయారు. 1977లో ఇందిరా గాంధీ ఓడిపోయే వరకు, తాత్కాలికంగా బాధ్యతలు చూసిన నందాను మినహాయిస్తే, ఈ దేశంలో మాజీ ప్రధాని అనే మనిషే లేరు. ఇందిర మూడేళ్లు తిరగకుండానే మళ్లీ పదవిలోకి వచ్చారు. పూర్తి స్థాయి ప్రధానిగా పనిచేసి, ఆ తర్వాత సుదీర్ఘ కాలం సాధారణ పౌరుడిగా బతికిన మొదటి వ్యక్తి మొరార్జీయే. అంటే స్వతంత్ర భారతం ముప్ఫై ఏళ్ల పాటు ఎదుర్కోవలసిన అవసరం రాని ప్రశ్నను ఈ ఇద్దరు దీర్ఘాయుష్కులు ముందుకు తెచ్చారు.

ఇతర దేశాల్లోనూ ఈ ప్రశ్న ఎవరో ఒకరి జీవితం వల్లనే చట్టసభల దాకా వెళ్లింది. హ్యారీ ట్రూమన్ 1953 జనవరిలో అమెరికా అధ్యక్ష పదవి దిగేనాటికి ఆయనకు స్థిరంగా వచ్చే ఆదాయం పాత సైనిక సేవకు దక్కే నెలకు 112 డాలర్ల 56 సెంట్ల పింఛను మాత్రమే. అధ్యక్ష పదవి గౌరవాన్ని వ్యాపారానికి తాకట్టు పెట్టనంటూ కంపెనీల ఉద్యోగాలను ఆయన కాదనుకున్నారు. ఆయన పరిస్థితి కళ్లకు కట్టిన తర్వాత 1958లో మాజీ అధ్యక్షుల చట్టం చేసి, ఏటా 25,000 డాలర్ల పింఛను, కార్యాలయ ఖర్చులు ఇచ్చారు. ఆ చట్టం నీడలోనే కార్టర్ పదవి దిగాక దాదాపు 44 ఏళ్లు బతికారు. అమెరికా చరిత్రలో ఇంతకాలం మాజీ అధ్యక్షుడిగా ఉన్నవారు మరొకరు లేరు. 1986లో ఏటా 35 లక్షల మందిని పీడిస్తున్న నారికురుపు వ్యాధిని ఆయన సంస్థ, ఇతర సంస్థలతో కలిసి, వేళ్లమీద లెక్కపెట్టగలిగే స్థాయికి తెచ్చింది. నిశ్చింతగా బతికే ఏర్పాటు ఉంటే మాజీ నాయకుడి ఆయుష్షు లోకానికి ఎలా పనికొస్తుందో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు.

టర్కీలో జరిగింది వేరు. 1950 నుంచి 1960 వరకు అధ్యక్షుడిగా ఉన్న జెలాల్ బాయార్‌ను సైనిక తిరుగుబాటు కూలదోసింది. 1961లో ప్రత్యేక న్యాయస్థానం ఆయనకు, ప్రధాని మెండెరెస్‌కు మరణశిక్ష విధించింది. మెండెరెస్‌ను ఉరితీశారు. 78 ఏళ్ల బాయార్‌కు మాత్రం వయసు కారణంగా శిక్షను యావజ్జీవ కారాగారంగా తగ్గించారు. 1964లో విడుదలైన ఆయన 1986 ఆగస్టు 22 వరకు జీవించి, 103 ఏళ్ల వయసులో మరణించారు. నెదర్లాండ్స్‌లో 1947లో వృద్ధులకు అత్యవసర పింఛను చట్టం తెచ్చిన సామాజిక వ్యవహారాల మంత్రి, ఆ తర్వాత పదేళ్లు ప్రధాని అయిన విల్లెం డ్రేస్ 101 ఏళ్లు బతికారు.

మన దగ్గర దీర్ఘాయువు పొందిన నాయకుల్లో కొందరు పదవి ప్రసక్తి లేకుండానే ప్రజాజీవితంలో నిలిచారు. తొలి, ఏకైక భారతీయ గవర్నర్ జనరల్ రాజాజీ ఎనభయ్యో ఏట స్వతంత్ర పార్టీని స్థాపించి, 94 ఏళ్లు జీవించారు. ఆ పార్టీకి మొదటి అధ్యక్షుడు మన నిడుబ్రోలు రైతుబిడ్డ ఆచార్య ఎన్.జి. రంగా. 1930లో కేంద్ర శాసనసభలో అడుగుపెట్టిన రంగా 1991లో గుంటూరు లోక్‌సభ సభ్యుడిగా విరమించే వరకు, మధ్యలో కొన్ని విరామాలు ఉన్నా, ఆరు దశాబ్దాల పార్లమెంటరీ జీవితం గడిపారు. మొరార్జీ పోయిన రెండు నెలలకు, 1995 జూన్ 9న, 94 ఏళ్ల వయసులో ఆయనా కన్నుమూశారు. కేంద్రంలో మంత్రి పదవి లేకుండానే చట్టసభను జీవితకాలపు పొలంగా దున్నుకున్న రంగాకు, పదవి దిగాక వచ్చే శూన్యం తెలియలేదు. నందాకు అది పాతికేళ్ల పైగా తెలిసింది.

తొంభైల నుంచి చర్చ మరో వైపుకు తిరిగింది. రాజీవ్ గాంధీ హత్య తర్వాత 1991లో మాజీ ప్రధానులకూ ప్రత్యేక రక్షణ దళం భద్రతను విస్తరించారు. 2019 సవరణతో దాన్ని పదవి దిగిన తర్వాత ఐదేళ్లకు పరిమితం చేశారు. రాష్ట్రాల్లో మాజీ ముఖ్యమంత్రులు ప్రభుత్వ బంగళాలను జీవితాంతం ఉంచుకోవడం ఆనవాయితీ కాగా, ఉత్తరప్రదేశ్ అందుకోసం చేసిన నిబంధనలను సుప్రీంకోర్టు 2016లోనూ, చట్ట సవరణను 2018 మే 7నా కొట్టివేసింది. పదవి దిగిన వ్యక్తి మిగతా పౌరులతో సమానుడేనన్నది ఆ తీర్పు సారాంశం. 2022లో పంజాబ్ ప్రభుత్వం, ఎన్నిసార్లు గెలిచినా శాసనసభ్యుడికి ఒకే పింఛను అన్న చట్టం తెచ్చింది.

ఈ మార్పులన్నీ అతి సౌకర్యాలను కత్తిరించడానికి వచ్చినవి, అవి అవసరమైనవే. కానీ ఒకే వ్యక్తికి అనేక పింఛన్లు, బంగళాలు దక్కడం ఎంత అన్యాయమో, నందా వంటివారికి తలదాచుకునే చోటు కుటుంబం దయ మీద ఆధారపడటం అంతే అన్యాయం. ఈ రెండింటినీ ఒకే చట్టంలో తూచే ప్రయత్నం మన పార్లమెంటు ఇప్పటికీ చేయలేదు. మాజీ ప్రధానికి ఇచ్చే నివాసం, సిబ్బంది, ప్రయాణ సదుపాయాలు నేటికీ ప్రభుత్వం ఎప్పటికప్పుడు జారీ చేసే ఉత్తర్వుల మీదే నడుస్తున్నాయి. పింఛను మాత్రం పార్లమెంటు సభ్యుడిగా వచ్చేదే.