పెద్దవయసులో పిల్లల దగ్గరికి శాశ్వతంగా వెళ్తున్నారా? డబ్బు, వైద్యం గురించి అపోహలు - వాస్తవాలు

నేను బెంగళూరులో ఆడిటర్‌ని. మా ఆఫీసుకు వచ్చేవాళ్లలో బీఈఎల్, హెచ్ఏఎల్, బీహెచ్ఈఎల్, బ్యాంకుల్లో రిటైరైన తెలుగువాళ్లు ఎక్కువ. అనంతపురం, చిత్తూరు, కర్నూలు వైపు నుంచి ఉద్యోగానికి వచ్చి ఇక్కడే ఇల్లు కట్టుకున్నవాళ్లు. ఒకప్పుడు విదేశాల్లో ఉన్న పిల్లల దగ్గరికి ఆర్నెల్లు వెళ్లి వచ్చేవాళ్లు, ఇప్పుడు పిల్లలే "ఇంక ఇక్కడే ఉండిపోండి నాన్నా" అని గ్రీన్ కార్డుకు పెడుతున్నారు. వీసా సంగతి లాయర్లు చూసుకుంటారు. వెళ్లాక నెల ఎలా గడుస్తుందన్నది మాత్రం అపార్ట్‌మెంట్ వాకింగ్ ట్రాక్ మీద, వాట్సాప్ గ్రూపుల్లో తేల్చుకుని వస్తారు. అక్కడ తేలిన మాటలు కొన్ని, వాటి అసలు సంగతి ఇది.

అపోహ: గ్రీన్ కార్డు వస్తే 65 దాటినవాళ్లకు అమెరికా ప్రభుత్వం నెలనెలా పెన్షన్ ఇస్తుంది.

అన్నిటికంటే ఎక్కువగా వినేది ఇదే. ఇది పూర్తిగా గాలిలోంచి పుట్టిన మాట కూడా కాదు. 1996కు ముందు వెళ్లిన పెద్దవాళ్లలో చాలామందికి ఎస్ఎస్ఐ అనే భత్యం వచ్చేది, వాళ్ల కథలే ఇంకా తిరుగుతున్నాయి. 1996 ఆగస్టులో చట్టం మారింది. ఇప్పుడు మామూలు గ్రీన్ కార్డుదారుకు ఎస్ఎస్ఐ రావాలంటే 40 క్వార్టర్ల పని, అంటే సుమారు పదేళ్ల ఉద్యోగం, అక్కడ చేసి ఉండాలి (భార్యాభర్తలవి కలిపి చూస్తారు), లేదా పౌరసత్వం తీసుకోవాలి. సోషల్ సెక్యూరిటీ పెన్షన్ అసలే వేరు, అది అక్కడ పనిచేసి పన్ను కట్టినవాళ్లది. మన పీఎఫ్ సర్వీసు అక్కడ కలవదు, ఎందుకంటే ఇండియాకు అమెరికాతో సామాజిక భద్రతా ఒప్పందం లేదు.

సరే, ఐదేళ్లకు పౌరసత్వం తీసుకుంటాం అంటారా? ఇంగ్లిష్ పరీక్ష ఉంటుంది. వయసును బట్టి మినహాయింపు ఉందని అందరూ చెబుతారు కానీ షరతు చెప్పరు: 55 దాటి, గ్రీన్ కార్డుతో 15 ఏళ్లు అక్కడ ఉండాలి. అంటే 67లో వెళ్లినాయనకు ఆ మినహాయింపు వచ్చేసరికి 82. మతిమరుపు జబ్బులాంటివి నిజంగా ఉంటే డాక్టరు సర్టిఫికెట్‌తో వేరే దారి ఉంది. పౌరసత్వం వచ్చాక కూడా ఎస్ఎస్ఐ పేదలకే. ఆస్తి పరిమితి ఒక్కరికి 2,000 డాలర్లు, దంపతులకు 3,000. యలహంకలో మీ పేరు మీదున్న సైటు కూడా అందులో లెక్కే. సైటు దాచి దరఖాస్తు పెడదామని నన్ను అడగకండి.

అపోహ: 65 దాటాయి కాబట్టి వెళ్లగానే మెడికేర్ (పెద్దవాళ్లకు అమెరికా ప్రభుత్వ వైద్య బీమా) ఉంటుంది.

ఉండదు. గ్రీన్ కార్డుతో ఐదేళ్లు ఆగకుండా అక్కడ నివసించాకే కొనుక్కునే అర్హత వస్తుంది, నేను "కొనుక్కునే" అన్నది గమనించండి. అక్కడ పని చేయనివాళ్లకు 2025లో పార్ట్ ఏ (ఆసుపత్రి ఖర్చులకు) ప్రీమియం నెలకు 518 డాలర్లు, పార్ట్ బీ (డాక్టర్ల ఖర్చులకు) 185. ఒక్కరికి 703, ఇద్దరికి 1,406 డాలర్లు, ప్రతి నెలా. రేట్లు ఏటా మారతాయి, తగ్గడం అరుదు. అంత కట్టినా సాధారణ మెడికేర్‌లో మామూలు పళ్ల వైద్యం, కళ్లద్దాలు, వినికిడి మిషన్లు రావు. కాబట్టి రూట్ కెనాల్, కొత్త కళ్లద్దాలు లాంటివేమైనా మిగిలి ఉంటే టికెట్లు బుక్ చేసే ముందే ఇక్కడ పూర్తి చేసుకోండి.

మొదటి ఐదేళ్లకు దారి మార్కెట్‌ప్లేస్ ఇన్సూరెన్స్, అంటే ప్రభుత్వ బీమా వేదికలో కొనుక్కునే ప్రైవేటు పాలసీ. పాత జబ్బులున్నాయని అక్కడ పాలసీ నిరాకరించరు, ఇది నిజంగా మంచి సంగతి. కానీ సబ్సిడీ ఆదాయం మీద ఆధారపడుతుంది. తల్లిదండ్రులను డిపెండెంట్లుగా చూపిస్తే పిల్లల ఆదాయమే లెక్కలోకి వస్తుంది. ఆదాయమే లేదని విడిగా రిటర్ను వేస్తే, దారిద్య్ర రేఖకు దిగువనున్న కొత్త గ్రీన్ కార్డుదారులకు 2026 నుంచి ఆ సబ్సిడీ తీసేశారు. పేదలకిచ్చే ప్రభుత్వ వైద్య బీమా మెడికెయిడ్‌కు కూడా చాలా రాష్ట్రాల్లో ఐదేళ్ల ఆగుదల ఉంది. కాలిఫోర్నియా, న్యూయార్క్ లాంటి చోట్ల రాష్ట్రమే సొంత డబ్బుతో ముందుగా ఇస్తుంది. అందుకే "ఏ దేశం" అని తెలిస్తే సరిపోదు, "మీ అమ్మాయిది ఏ రాష్ట్రం" అని మొదట అడుగుతాను.

అపోహ: స్పాన్సర్‌షిప్ కాగితం మీద అబ్బాయి పెట్టే సంతకం వట్టి ఫార్మాలిటీ.

ఆ ఐ-864 ఫారం కోర్టులో చెల్లే ఒప్పందం. ఇంట్లో అందరినీ లెక్కేసి, దారిద్య్ర రేఖకు 125 శాతం ఆదాయం చూపించాలి. మీరు పౌరులయ్యేదాకా, లేదా 40 క్వార్టర్లు పూర్తయ్యేదాకా, లేదా శాశ్వతంగా తిరిగొచ్చేదాకా, లేదా చనిపోయేదాకా బాధ్యత అతనిదే. ఉద్యోగం పోయిందంటే తీరిపోదు. ఆదాయం చాలక కోడలి జీతం కూడా కలిపితే ఆవిడా విడిగా సంతకం పెట్టాలి. ఇన్ని సంవత్సరాల ఖర్చు మాట అబ్బాయితో ఒక్కడితోనే తేల్చుకుని, కోడలికి విమానం దిగాక తెలిస్తే ఆ ఇంట్లో ఎవరికీ మనశ్శాంతి ఉండదు. నేనైతే వీడియో కాల్‌లో ఇద్దరినీ కూర్చోబెట్టి, ఇన్సూరెన్స్ ఎవరు కడతారు, పెద్దవాళ్ల చేతి ఖర్చుకు నెలకెంత అని రాయిస్తాను. మొహమాటం ఆ అరగంటే.

అపోహ: కెనడా, ఆస్ట్రేలియాల్లో అన్నీ ఫ్రీ.

కెనడా సూపర్ వీసాలో (తల్లిదండ్రులు ఎక్కువకాలం ఉండి వచ్చే వీసా) వెళ్తే ఒకేసారి ఐదేళ్ల వరకు ఉండొచ్చు, కానీ కనీసం లక్ష కెనడా డాలర్ల వైద్య బీమా మీ ఖర్చే. శాశ్వత నివాసానికి స్పాన్సర్ చేస్తే పిల్లల హామీ 20 ఏళ్లు (క్యూబెక్‌లో 10). వృద్ధాప్య పెన్షన్‌కు పదేళ్ల నివాసం కావాలి. ఇక్కడ మన ఫ్యాక్టరీల వాళ్లకు పనికొచ్చే విషయం ఒకటుంది, చాలామందికి తెలియదు: ఇండియా, కెనడాల మధ్య సామాజిక భద్రతా ఒప్పందం 2015 ఆగస్టు నుంచి అమల్లో ఉంది, ఆ పదేళ్ల అర్హతకు మన పీఎఫ్ సర్వీసును కలుపుకోవచ్చు. వచ్చే మొత్తం మాత్రం అక్కడ ఉన్న ఏళ్లకే, ఏడాదికి నలభయ్యో వంతు చొప్పున. అయినా పాత పీఎఫ్ కాగితాలు పారేయకండి.

ఆస్ట్రేలియాలో కాంట్రిబ్యూటరీ పేరెంట్ వీసా (పెద్ద ఫీజు కట్టి తల్లిదండ్రులు స్థిరపడే వీసా) ఒక్కొక్కరికి 40 వేల ఆస్ట్రేలియా డాలర్లు దాటుతుంది, ఆపైన హామీ డిపాజిట్, ఆపైన ఏళ్ల తరబడి క్యూ. పిల్లల్లో సగం మందైనా, లేదా మరే ఒక్క దేశంలోకన్నా ఎక్కువమంది అక్కడుండాలన్న నిబంధన దగ్గరే కొన్ని కుటుంబాలు ఆగిపోతాయి. యూకే మాట ఎత్తకపోవడమే మేలు. 2012 నుంచి, రోజువారీ పనులకు మనిషి సాయం కావాల్సిన స్థితిలో ఉండి, ఆ సాయం ఇండియాలో దొరకదని రుజువు చేస్తే తప్ప తల్లిదండ్రులకు దారి దాదాపు లేదు.

అపోహ: ఇక్కడి బ్యాంకు ఖాతాలు అలాగే ఉంచితే ఎవరికి తెలుస్తుంది?

నాకు టెన్షన్ పుట్టించే ప్రశ్న ఇదే. స్థిరపడటానికి వెళ్లిన రోజు నుంచి ఫెమా (మన విదేశీ మారక చట్టం) ప్రకారం మీరు ఎన్ఆర్ఐ, సేవింగ్స్ ఖాతాను ఎన్ఆర్‌ఓగా (ఎన్ఆర్ఐల ఇక్కడి ఆదాయం పడే ఖాతా) మార్పించాలి. అప్పుడు ఎఫ్‌డీల మీద సీనియర్ సిటిజన్ అదనపు వడ్డీ పోతుంది, పన్ను కోయొద్దని 15హెచ్ లాంటి డిక్లరేషన్ ఇవ్వడం కుదరదు, వడ్డీ మీద 30 శాతం, ఆపైన సెస్ కలిపి టీడీఎస్ కోస్తారు. అమెరికా నివాసి అని సర్టిఫికెట్ తెప్పించి ఇస్తే రెండు దేశాల పన్ను ఒప్పందం ప్రకారం అది 15 శాతానికి తగ్గుతుంది, ఆ కాగితం మీద బద్ధకించొద్దు. పీపీఎఫ్ గడువు వరకు కొనసాగుతుంది, పొడిగింపు ఉండదు. సీనియర్ సిటిజన్ సేవింగ్స్ స్కీములో కొత్తగా చేరలేరు.

అటువైపు సంగతి ఇంకా ముఖ్యం. గ్రీన్ కార్డు ఉంటే ప్రపంచంలో ఎక్కడి ఆదాయమైనా అమెరికా రిటర్నులో చూపించాలి. విదేశీ ఖాతాలన్నీ కలిపి ఏడాదిలో ఒక్క రోజైనా 10,000 డాలర్లు దాటితే ఎఫ్‌బార్ (విదేశీ ఖాతాల వివరాలు చెప్పే రిపోర్టు) వేయాలి. తమ్ముడితో పేరుకు మాత్రమే ఉన్న జాయింట్ ఖాతా కూడా ఇందులోకి వస్తుంది. రిటైర్‌మెంట్ డబ్బు ఎఫ్‌డీలో పడున్న ఎవరైనా ఈ గీత ఇట్టే దాటేస్తారు. మన మ్యూచువల్ ఫండ్లకు అక్కడి పన్ను నిబంధనలు మరీ చికాకు, వాటి సంగతి గ్రీన్ కార్డు చేతికి రాకముందే తేల్చుకోవడం నయం.

అపోహ: ఎన్ఆర్ఐలు అయితే పెన్షన్ ఆగిపోతుంది, ఊళ్లో పొలం అమ్మేయాలి.

రెండూ తప్పే. పెన్షన్ ఎన్ఆర్‌ఓ ఖాతాలో పడుతుంది, జీవన్ ప్రమాణ్ (బతికే ఉన్నామని ఏటా ఇచ్చే సర్టిఫికెట్) ఫోన్‌లోనే ముఖం చూపించి ఇవ్వొచ్చు. ఎన్ఆర్ఐలు వ్యవసాయ భూమి కొత్తగా కొనలేరంతే, ఉన్నది ఉంచుకోవచ్చు, అమ్మితే ఇక్కడి నివాసికే అమ్మాలి.

అపోహ: వెళ్లిపోతున్నాం కదా, ఇక్కడి హెల్త్ పాలసీ దండగ.

దయచేసి ఆపొద్దు. మెడికేర్ ఇండియాలో పనిచేయదు. మీరు ఏదో పెళ్లికి వచ్చినప్పుడో, అక్కడ కుదరక తిరిగొచ్చేసినప్పుడో (ఇది మీరనుకునే దానికంటే ఎక్కువగా జరుగుతుంది) డెబ్బై దాటిన బీపీ, షుగర్ మనిషికి కొత్త పాలసీ దొరకడం కష్టం, దొరికినా పాత జబ్బులకు మూడేళ్ల దాకా వెయిటింగ్ పెట్టొచ్చు.

అపోహ: మొదటి ఐదేళ్లలో అమెరికాలో ఏ సాయమూ దొరకదు.

డబ్బు రూపంలో దాదాపు అంతే, మిగతావి ఉన్నాయి. 60 దాటినవాళ్లకు ఓల్డర్ అమెరికన్స్ యాక్ట్ కింద సీనియర్ సెంటర్లు, భోజనం, డాక్టరు దగ్గరికి రవాణా లాంటివి నడుస్తాయి, 211 హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేస్తే దగ్గర్లో ఏమున్నాయో చెబుతారు. ప్రభుత్వ నిధులు తీసుకునే ఆసుపత్రి ఉచితంగా దుభాషిని ఇవ్వాలి. "తెలుగు ఇంటర్‌ప్రెటర్ ప్లీజ్" అన్న మాట నేర్చుకుని వెళ్లండి, ప్రతిసారీ కొడుకు సెలవు పెట్టక్కర్లేదు. అమ్మగారు తన కడుపునొప్పి గురించి కొడుకు ముందు చెప్పలేనిది కూడా దుభాషితో చెప్పుకోగలుగుతుంది. లాభాపేక్ష లేని ఆసుపత్రులకు బిల్లు తగ్గించే ఆర్థిక సాయం విధానం తప్పనిసరి. బిల్లు కట్టేశాక కాదు, చేతికి రాగానే అడగాలి.

అపోహ: పవర్ ఆఫ్ అటార్నీ అక్కడి నుంచి పంపొచ్చులే.

పంపొచ్చు. అక్కడ నోటరీ, అపోస్టిల్ (వేరే దేశంలో చెల్లేలా ప్రభుత్వం వేసే ధృవీకరణ), ఇక్కడికి చేరిన మూడు నెలల్లోపు స్టాంపు డ్యూటీ, మధ్యలో ఒక స్పెల్లింగు తేడా వస్తే మళ్లీ మొదటికి. వెళ్లకముందు ఇక్కడి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో చేయించుకుంటే ఒక పూట పని. అద్దె వసూలు, ఇంటి పన్ను, కరెంటు, బ్యాంకు వరకే అధికారం ఇవ్వండి, అమ్మే అధికారం అవసరం పడినప్పుడు విడిగా చూసుకోవచ్చు. మీ తర్వాత పవర్ ఆఫ్ అటార్నీ చెల్లదు కాబట్టి వీలునామా కూడా అదే వారంలో రాయించండి. ఇంకోటి, ఆధార్‌కు, బ్యాంకుకు ఇచ్చిన ఇక్కడి సిమ్‌ను రోమింగ్‌తో రీచార్జ్ చేస్తూ బతికించుకోండి. మూడు నెలలు వాడకపోతే ఆ నంబరు పోవచ్చు, ఓటీపీ రాకపోతే నేను కూడా ఏమీ చేయలేను.