క్షయ మందులకు లొంగని ఛాతీ నీరు

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఎవరికైనా ఆయాసం వచ్చి, ఎక్స్‌రేలో ఊపిరితిత్తి చుట్టూ నీరు కనబడితే డాక్టరు ముందుగా అనుమానించేది క్షయనే. చాలాసార్లు ఆ అనుమానమే నిజమవుతుంది, ఆరు నెలల మందులతో మనిషి కోలుకుంటాడు. ఎక్కడో ఒకరికి మాత్రం నీరు తీసిన కొద్దీ మళ్లీ చేరుతుంది. ఛాతీలో ఒక పక్క నొప్పి వదలదు, ఒళ్లు కరిగిపోతుంది. అలాంటి కొద్దిమందిలో కొందరికి ఉన్నది మెసోథీలియోమా కావచ్చు. ఊపిరితిత్తులను, కడుపులోని అవయవాలను కప్పి ఉండే పలుచని పొరకు, అరుదుగా గుండె చుట్టూ ఉండే పొరకు వచ్చే క్యాన్సర్ ఇది. చాలా అరుదైన జబ్బే. దీని ప్రధాన కారణం మాత్రం మన ఇళ్ల మీదే ఉంది: రాతినార, అంటే ఆస్బెస్టాస్.

ఈ రెండింటికీ ఉన్న సంబంధం బయటపడిందీ క్షయ రోగుల మధ్యనే. 1950లలో దక్షిణాఫ్రికాలోని కింబర్లీలో క్షయ ఆసుపత్రి నడిపిన డాక్టర్ స్లెగ్స్ ఒక తేడా గమనించారు. ఊపిరితిత్తుల పొర జబ్బుతో వచ్చినవాళ్లలో తూర్పు వైపు వాళ్లు క్షయ మందులకు కోలుకుంటున్నారు, పడమటి వైపు వాళ్లు కోలుకోవడం లేదు. పడమట ఉన్నవి నీలి రాతినార గనులు. ఆయన, శవపరీక్షలు చేసే డాక్టర్ వాగ్నర్, మరో డాక్టర్ మార్చండ్ కలిసి 1960లో 33 మంది రోగుల వివరాలు ప్రచురించారు. ఒక్కరు మినహా అందరికీ ఎక్కడో ఒకచోట రాతినారతో సంబంధం తేలింది. వాళ్లలో చాలామంది గని కార్మికులు కారు. చిన్నతనంలో గనుల దగ్గర పెరిగి, ఆ తర్వాత వేరే ఊళ్లలో వేరే పనుల్లో స్థిరపడ్డవాళ్లు. ఎక్కడ పుట్టారు, ఏ పనులు చేశారు అని ఓపికగా అడగకపోతే ఆ గుట్టు వీడేది కాదు. వైద్య చరిత్రలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచేది ఆ ఓపికే.

1965లో లండన్ నుంచి మరో అధ్యయనం వచ్చింది. ఫ్యాక్టరీ గడప తొక్కని ఆడవాళ్లకు కూడా ఈ క్యాన్సర్ వచ్చింది. భర్తో, అన్నదమ్ములో పనిలోంచి ధూళితో తెచ్చిన బట్టలు వాళ్లు దులిపి ఉతికేవారు.

రాతినార పోగులు కంటికి కనబడనంత సన్ననివి. పీల్చినప్పుడు లోపలికి పోయి, కరగకుండా పొర దాకా చేరి, ఏళ్ల తరబడి అక్కడి కణాలను ఒరిపిడి పెడుతూనే ఉంటాయి. జబ్బు బయటపడటానికి 20 నుంచి 50 ఏళ్లు పడుతుంది. బీడీ, సిగరెట్ల వల్ల మెసోథీలియోమా రాదు. అయితే రాతినార ధూళికి పొగ తోడైతే ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు ఎన్నో రెట్లు పెరుగుతుంది.

మన రాష్ట్రంలో కడప జిల్లా పులివెందుల ప్రాంతంలో రాతినార గనులు ఉండేవి. కొత్త గనులకు అనుమతి ఇవ్వడం కేంద్రం 1986లోనే ఆపింది. 1995 జనవరిలో సుప్రీంకోర్టు, కార్మికుడి ఆరోగ్యం జీవించే హక్కులో భాగమేనని చెబుతూ, రాతినార కార్మికుల ఆరోగ్య రికార్డులను పనిలో చేరిన నాటి నుంచి కనీసం 40 ఏళ్లు, లేదా పని మానేశాక 15 ఏళ్లు, ఏది ఎక్కువైతే అంతకాలం భద్రపరచాలని ఆదేశించింది. జబ్బు ఎంత ఆలస్యంగా వస్తుందో తెలిసి ఇచ్చిన తీర్పు అది. బ్రిటన్ 1999లో, యూరోపియన్ యూనియన్ దేశాలన్నీ 2005 నాటికి రాతినారను నిషేధించాయి. మన దేశంలో తెల్ల రాతినార దిగుమతి ఆగలేదు. దానితో చేసే సిమెంటు రేకులు ఊరూరా అమ్ముడుపోతున్నాయి.

ఉత్తరాంధ్రకు ఇందులో రెండు చిక్కులున్నాయి. మొదటిది వలస. ఓడల నిర్మాణం, బాయిలర్లు, విద్యుత్ కేంద్రాలు, రైలు వర్క్‌షాపులు... వేడిని ఆపాల్సిన చోటల్లా ఒకప్పుడు ప్రపంచమంతటా రాతినార తాడో, పూతో చుట్టేవారు. అలాంటి పనులకు ఈ జిల్లాల మనుషులు విశాఖకు, చెన్నైకి, గుజరాత్‌కు వెళ్లారు. పెద్దవయసులో సొంత ఊరికి చేరి కొద్దిపాటి పొలం చూసుకుంటున్న మనిషి ఆసుపత్రికి వెళితే చీటీ మీద పడేది ‘వ్యవసాయం’ అనే.

రెండోది తుపాన్లు. 2014లో హుద్‌హుద్‌కు, 2018 అక్టోబరులో పలాస దగ్గర తీరం దాటిన తిత్లీకి పల్లెల్లో రేకుల కప్పులు ఎగిరి ముక్కలయ్యాయి. కదలకుండా ఉన్న రేకులో నారను సిమెంటు పట్టి ఉంచుతుంది, దాని కింద కాపురం ఉన్నంత మాత్రాన భయపడనక్కర్లేదు. విరిగినప్పుడు, కోసినప్పుడే నార గాలిలోకి లేస్తుంది. తువ్వాలు ముక్కుకు కట్టుకుని, కోత మిషన్‌తో రేకును సైజుకు కోసే కుర్రవాడి కనుబొమల మీద తెల్లటి పొడి పేరుకుని ఉంటుంది. తువ్వాలు ఆ పోగులను ఆపలేదు. పగిలిన ముక్కలు వాకిట్లో బురద గుంటకు పరుస్తారు, మిగిలిన పొడిని చీపురుతో ఊడుస్తారు. రేకును నీళ్లతో తడిపి చేతి రంపంతో కోయడం, పొడిని తడిగుడ్డతో ఎత్తడం, ఆ బట్టలు ఇంట్లో దులపకపోవడం ఏమంత ఖర్చుతో కూడిన పనులు కావు. రేకులమ్మే దుకాణంలోనే ఈ మాట చెప్పాలి.

ఉద్దానంలో కిడ్నీలు ఎందుకు పాడవుతున్నాయో ఏళ్ల పరిశోధన తర్వాత కూడా పూర్తిగా తేలలేదు. మెసోథీలియోమా సంగతి అలా కాదు. కారణం తేలి అరవై ఏళ్లు దాటింది. అయినా రోగిని పాత పని గురించి అడిగేవారు లేకపోవడం నన్ను బాధిస్తుంది.

తీసిన నీటిని పరీక్షిస్తే చాలామందిలో ఈ జబ్బు తేలదు. పొర నుంచి ముక్క తీసి, ప్రత్యేక పరీక్షలు చేయాలి. తేలాక చికిత్స కష్టమే. పెమెట్రెక్సెడ్, సిస్‌ప్లాటిన్ అనే కీమో మందులు, ఒంట్లోని రోగనిరోధక శక్తినే క్యాన్సర్ మీదికి ఉసిగొల్పే, ఈ మధ్య వచ్చిన ఇమ్యునోథెరపీ కొన్ని నెలల ఆయుష్షు పెంచుతాయి. చాలామంది ఏడాది, ఏడాదిన్నరకు మించి బతకడం లేదు. అందుకే ముక్క పరీక్ష రిపోర్టు, పాత ఈఎస్ఐ కార్డు, పీఎఫ్ చీటీ, గేటు పాసు వంటివి ఏవి దొరికినా కుటుంబం దాచుకోవాలి. పాత ఉద్యోగుల పరిహార చట్టం మూడో షెడ్యూలులోనూ, 2025 నవంబరులో దాని స్థానంలో అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్‌లోనూ రాతినార వల్ల వచ్చే మెసోథీలియోమా వృత్తి జబ్బుగా నమోదై ఉంది. పరిహారం అడగాలంటే జబ్బు పేరుకూ, చేసిన పనికీ రుజువు చూపాలి.