బైబిల్ క్యాంపుల్లో అంటురోగాలు: అపోహలు - వాస్తవాలు

ఏప్రిల్ చివర్లో బడులకు సెలవులిచ్చారంటే తిరుపతి, చిత్తూరు చుట్టుపక్కల సంఘాల్లో క్యాంపుల సందడి మొదలవుతుంది. ఖాళీగా ఉన్న స్కూలో, హాస్టలో తీసుకుంటాం. క్లాసు రూముల్లో పరుపులు పరిచి ఒక్కో గదిలో పాతిక ముప్పై మంది పిల్లల్ని పడుకోబెడతాం. అందరికీ ఒకే వంట, ఒకే నీళ్ల ట్యాంకు, ఒకే వరస కుళాయిలు. నేను నర్సును. వేసవిలో ఈ క్యాంపుల్లో పిల్లల ఆరోగ్యం చూసుకునే పని నాది. క్యాంపులో రోగం పాకడానికి అన్నిటికన్నా ఎక్కువగా దారి తీసేది దాచిపెట్టడమే. అమ్మానాన్నలు దాస్తారు, పిల్లలు దాస్తారు, ఒక్కోసారి నిర్వాహకులే దాస్తారు. కింద చెప్పే అపోహల్లో చాలావాటి వెనక ఉన్నది ఇదే.

అపోహ: మెడికల్ ఫారం మీద తల్లిదండ్రుల సంతకం ఉంది కదా, అది చాలు.

వాస్తవం: ఆ ఫారం నింపింది రెండు వారాల కిందట. పిల్లవాడికి జ్వరం వచ్చింది నిన్న రాత్రి. ఏడాదంతా ఎదురుచూసిన క్యాంపు, కట్టేసిన ఫీజు, బిడ్డ ఏడుపు. ఏ తల్లయినా పొద్దున్నే ఒక పారాసిటమాల్ వేసి బస్సెక్కిస్తుంది. ఆ మందు పని నాలుగు నుంచి ఆరు గంటలే. గేటు దగ్గర థర్మామీటరులో ఏమీ కనిపించదు, సాయంత్రం పాటల సమయానికి ఒళ్లు కాలిపోతుంటుంది.

అందుకే వచ్చిన వెంటనే, తల్లిదండ్రులు ఇంకా గేటు దగ్గర ఉండగానే, జ్వరం, దగ్గు, కళ్లు, చేతివేళ్ల సందులు, ఒంటి మీద పొక్కులు చూడాలి. రాత్రి పడుకునే ముందు ఇంకోసారి జ్వరం చూడాలి. అంతకన్నా ముఖ్యమైనది ఒకటుంది. "బిడ్డకు బాగోలేక రాలేకపోతే ఫీజు మొత్తం తిరిగి ఇస్తాం" అని రిజిస్ట్రేషన్ కాగితం మీదే రాయండి. ఈ ఒక్క వాక్యం ఉంటే తల్లి నిజం చెప్పడానికి భయపడదు. ఏ పరీక్షా చేయలేని పని అది చేస్తుంది. మందు వేయకుండా 24 గంటల పాటు జ్వరం రాకపోతేనే క్యాంపుకు పంపండి.

అపోహ: విశ్వాసం ఉన్నచోట రోగం అంటుకోదు. జబ్బు పడిన బిడ్డను వేరే గదిలో పెట్టడం ప్రేమ లేనితనం.

వాస్తవం: ఈ మాట అనేవాళ్లు మనసులో చెడు పెట్టుకుని అనరు, అందుకే ఓపికగా జవాబు చెప్పాలి. లేవీయకాండము 13వ అధ్యాయంలో చర్మం మీద మచ్చ కనబడిన మనిషిని యాజకుడు ఏడు రోజులు వేరుగా ఉంచి, ఏడో రోజున మళ్లీ చూడాలని ఉంది. వేరుగా ఉంచడం, గడువు పెట్టడం, మళ్లీ పరీక్షించడం. నేను సిక్ రూమ్‌లో చేసేదీ అంతే. మన ప్రాంతంలోనే మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో పలు క్రైస్తవ మిషన్లు కలిసి వంద ఏళ్ల కిందటే క్షయ రోగులకు ఆసుపత్రి కట్టాయి. ఆ రోజుల్లో క్షయకు మందే లేదు. మంచి గాలి, విశ్రాంతి, తిండి, ఇతరులకు అంటకుండా దూరం, వాటితో పాటు ప్రార్థన. వీటిలో ఒకటుంటే ఇంకొకటి అక్కర్లేదని అక్కడివాళ్లు అనుకోలేదు.

వేరుగా ఉంచడమంటే ఒంటరిగా వదిలేయడం కాదు. సిక్ రూమ్‌కు కిటికీలు ఉండాలి, విడిగా బాత్రూమ్ ఉండాలి, ఒక అక్కో ఆంటీయో ఎప్పుడూ కనిపిస్తూ ఉండాలి. తలుపు తీసే ఉంచాలి, ఇంటికి ఫోన్ చేయనివ్వాలి. పాస్టర్ గారు వచ్చి ప్రార్థన చేస్తే ఆ బిడ్డకు ఎంతో ధైర్యం. తల మీద చేయి పెడితే బయటికొచ్చి సబ్బుతో కడుక్కోవాలి, అంతే. సెషన్‌లో పాడే పాట ఆ గదిలోకి వినబడేలా చూసుకుంటే ఇంకా మంచిది. జబ్బు పడినవాళ్లను బాగా చూసుకుంటారని మిగతా పిల్లలకు తెలిస్తే, "అక్కా, నాకు కడుపు నొప్పి" అని వాళ్లే ముందుకొచ్చి చెబుతారు.

అపోహ: మే నెల కదా, వేడి చేసి విరేచనాలు అవుతున్నాయి.

వాస్తవం: మన ఎండలకు ప్రతిదీ వేడి మీదకే నెట్టేస్తాం. కానీ ఒకే రోజు ఇద్దరు ముగ్గురు పిల్లలకు వాంతులు, విరేచనాలు మొదలైతే చూడాల్సింది ట్యాంకు, వంటగది, చేతులు. సెలవుల్లో వాడకుండా పడి ఉన్న సింటెక్స్ ట్యాంకును పిల్లలు రాకముందే కడిగించాలి. క్లోరిన్ వేసి అరగంట ఆగాక నీళ్లలో లీటరుకు కనీసం 0.5 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగలాలి. పరీక్షించే కిట్ దొరక్కపోతే పంచాయతీ వాళ్లనో, పి.హెచ్.సి. (ప్రాథమిక ఆరోగ్య కేంద్రం) వాళ్లనో అడగండి. "మేం క్యాన్ నీళ్లే వాడతాం" అంటారు. క్యాన్ నీళ్లను డ్రమ్ములో పోసి, అందులో అందరూ గ్లాసులు ముంచితే ఆ క్యాన్ వల్ల ఏం లాభం? కుళాయి ఉన్న డ్రమ్మే పెట్టాలి. జ్యూసులో వేసే ఐసు ఏ నీళ్లతో చేశారో కూడా అడగాలి.

విరేచనాలు పట్టుకున్న బిడ్డకు మొదటి మందు ఓఆర్‌ఎస్. పెద్ద ప్యాకెట్ సరిగ్గా లీటరు నీళ్లలో, 4.2 గ్రాముల చిన్న ప్యాకెట్ 200 మిల్లీలీటర్లలో కలపాలి. గ్లాసులో పెద్ద ప్యాకెట్ మొత్తం వేసేస్తే ఉప్పు ఎక్కువై బిడ్డకు హాని చేస్తుంది. రంగురంగుల డబ్బాల్లో వచ్చే తియ్యటి పానీయాలు ఓఆర్‌ఎస్ కాదు. హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ గారు ఏళ్ల తరబడి పోరాడితే, అలాంటి వాటి పేరులో ఓఆర్‌ఎస్ అన్న మాట వాడొద్దని 2025 అక్టోబరులో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఎఐ ఆదేశించింది. విరేచనాలు ఆపే మాత్ర పిల్లలకు సొంతంగా వేయొద్దు. మలంలో రక్తం పడినా, మూత్రం తగ్గినా, కళ్లు లోతుకు పోయినా, మగతగా పడుకున్నా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

నిజంగా ఎండదెబ్బే తగిలితే ఆ లక్షణాలు వేరు. ఒళ్లు కాలిపోతూ, మాట తడబడుతూ, స్పృహ తప్పుతుంటే నీడలో పడుకోబెట్టి ఒళ్లంతా నీళ్లతో తడుపుతూ 108కి ఫోన్ చేయాలి.

అపోహ: గదికొక శానిటైజర్ పెట్టాం, అది చాలు.

వాస్తవం: వాంతులు, విరేచనాలు పుట్టించే నోరోవైరస్ శానిటైజర్‌కు సరిగ్గా లొంగదు. సబ్బు, పారే నీళ్లు కావాలి. కుళాయి దగ్గర సబ్బు మధ్యాహ్నానికల్లా మాయమవుతుంది కాబట్టి, పాత సాక్సులో వేసి కుళాయికే కట్టేయండి. ఎవరైనా వాంతి చేసుకుంటే పిల్లల్ని దూరం పంపి, గ్లౌజులు వేసుకుని పాత గుడ్డతో తీసేయండి. తర్వాత లీటరు నీటికి ఒక పెద్ద చెంచా, అంటే సుమారు 15 గ్రాముల బ్లీచింగ్ పౌడరు కలిపి ఆ చోట పోసి, కనీసం ఐదు నిమిషాలు ఆగి తుడవాలి. వడ్డించేవాళ్లలో, వంటవాళ్లలో ఎవరికి విరేచనాలు పట్టినా, తగ్గాక మరో రెండు రోజులు వంటగదిలోకి రానివ్వొద్దు. ఆ రోజుల కూలి మాత్రం ఇవ్వండి. లేకపోతే వాళ్లూ దాస్తారు.

అపోహ: ఆటలమ్మ పోస్తే మందులు వేయకూడదు, స్నానం చేయించకూడదు. పొక్కులు కనబడ్డాకే అంటుకుంటుంది.

వాస్తవం: సంఘంలో పుట్టి పెరిగిన ఇళ్లలో కూడా ఆటలమ్మ అనగానే పాత భయాలు లేస్తాయి. అది వేరిసెల్లా అనే వైరస్ వల్ల వచ్చేది. పొక్కులు రావడానికి ఒకటి రెండు రోజుల ముందు నుంచే అంటుకుంటుంది, అన్ని పొక్కులూ ఎండి పక్కు కట్టేదాకా అంటుకుంటూనే ఉంటుంది. గోరువెచ్చటి నీళ్లతో రుద్దకుండా స్నానం చేయించవచ్చు. గోళ్లు కత్తిరించాలి. జ్వరానికి బరువును బట్టి పారాసిటమాల్ ఇవ్వచ్చు కానీ ఆస్పిరిన్ ఎట్టి పరిస్థితుల్లోనూ ఇవ్వకూడదు. అది మెదడునూ కాలేయాన్నీ దెబ్బతీసే రేయ్ సిండ్రోమ్‌కు దారి తీయవచ్చు. ఐబుప్రోఫెన్ కూడా వద్దు. పక్క మీద వేపాకు వేస్తే నేను తీసేయమనను, కాకపోతే దాన్నే మందు అనుకోవద్దు. ఆ బిడ్డను చూసుకునేవాళ్లు ఇదివరకు ఆటలమ్మ వచ్చి తగ్గినవాళ్లయితే మేలు. క్యాంపులో గర్భిణులు ఉంటే, ఇదివరకు వాళ్లకు రాకపోయుంటే, అదే రోజు డాక్టరుతో మాట్లాడాలి.

పిల్లల పేర్లు రాసుకునేటప్పుడే తట్టు-రుబెల్లా టీకా రెండు డోసులూ పడ్డాయా అని అడగండి. ప్రభుత్వ పట్టికలో అది 9 నెలలకొకటి, 16-24 నెలల మధ్య ఇంకొకటి. ఆటలమ్మ టీకా ఆ పట్టికలో లేదు, కాబట్టి చాలామందికి పడి ఉండదు.

అపోహ: కళ్లకలక వచ్చినవాళ్ల కళ్లలోకి చూస్తే అంటుకుంటుంది.

వాస్తవం: చూపుతో అంటదు. చేతులు, తువాలు, దిండుతో అంటుతుంది. నల్ల కళ్లద్దాలు పెట్టుకున్నా తువాలు పంచుకుంటే ఫలితం లేదు. గజ్జి కూడా ఇలాంటిదే, పక్కపక్కన పడుకుంటే పాకుతుంది. దానికి పూత మందు ఒక్క బిడ్డకే రాస్తే సరిపోదు, ఇంట్లోవాళ్లందరికీ ఒకేసారి రాయాలి.

అపోహ: బయటికి తెలిస్తే క్యాంపుకు, సంఘానికి చెడ్డపేరు.

వాస్తవం: ఒకే లక్షణాలు ఇద్దరు ముగ్గురిలో కనబడిన రోజే దగ్గరలోని పి.హెచ్.సి.కి చెప్పండి. వాళ్లు వచ్చి నీళ్లు పరీక్షిస్తారు, మందులు ఇస్తారు. వాళ్లు తప్పులు వెతకడానికి వస్తారని భయపడొద్దు. తల్లిదండ్రులకు కూడా అదే రోజు వాట్సాప్‌లో రాయండి. బిడ్డ పేరు రాయొద్దు, జబ్బు పేరు మాత్రం తప్పకుండా రాయండి. ఆటలమ్మ బయటపడటానికి 10 నుంచి 21 రోజులు పడుతుంది, అంటే క్యాంపు ముగిసి పిల్లలు పీలేరుకో, పలమనేరుకో వెళ్లిపోయాక. "మీ బిడ్డ ఉన్న గదిలో ఒకరికి ఆటలమ్మ వచ్చింది. 21 రోజుల పాటు జ్వరం, పొక్కులు గమనించండి. ఇంట్లో గర్భిణి గానీ, పసిబిడ్డ గానీ, క్యాన్సర్ మందులు వాడేవాళ్లు గానీ ఉంటే ఇప్పుడే డాక్టరును కలవండి" అని రాసి, కింద క్యాంపు నర్సు ఫోన్ నంబరు పెట్టండి. ఆ 21 రోజులూ ఆ ఫోన్ ఎత్తే మనిషి ఉండాలి.