మెట్రో మనీలా ఫెస్టివల్‌కి మన షార్ట్ ఫిల్మ్ పంపొచ్చా? అపోహలు - వాస్తవాలు

దసరా దాటిందంటే చాలు, నా వాట్సాప్‌లో ఇదే ప్రశ్న. "అన్నా, మెట్రో మనీలా ఫిల్మ్ ఫెస్టివల్‌కి మన సినిమా పంపిద్దామా? ఎవరో ఏజెంటు ఉన్నాడు, ఫీజు కడితే సెలక్షన్ గ్యారంటీ అంటున్నాడు." ఫెస్టివల్ సబ్మిషన్లు చూసుకోవడమే నా పని కాబట్టి నన్నే అడుగుతారు. అడిగేవాళ్లని నేనేమీ అనను. ఇంట్లో బంగారం తాకట్టు పెట్టి తీసిన సినిమాకి ఎక్కడో ఒకచోట గుర్తింపు రావాలన్న ఆరాటం అది. ఆ ఆరాటాన్ని అమ్ముకునేవాళ్ల మీదే నా కోపమంతా.

అపోహ: అది అంతర్జాతీయ ఫెస్టివల్, ఏ దేశం వాళ్లయినా ఎంట్రీ పంపొచ్చు.

వాస్తవం: పంపలేరు. అది ఫిలిప్పీన్స్ సినిమాల కోసం ఫిలిప్పీన్స్ వాళ్లు థియేటర్లలో జరుపుకునే పండగ. 1975లో మొదలైంది. నడిపేది మెట్రో మనీలా డెవలప్‌మెంట్ అథారిటీ. రాజధాని ప్రాంతంలో ట్రాఫిక్, వరద నీళ్లు, చెత్త సంగతి చూసుకునే ప్రభుత్వ సంస్థే సినిమా పండగా నడుపుతుంది. డిసెంబరు 25 నుంచి జనవరి మొదటి వారం దాకా దేశమంతటా దాదాపు అన్ని థియేటర్లలో ఎంపికైన స్వదేశీ సినిమాలే ఆడతాయి. ఐమాక్స్, త్రీడీ తెరల్లో తప్ప, ఎంత పెద్ద హాలీవుడ్ సినిమా అయినా ఆగాల్సిందే. మనకి సంక్రాంతి ఎలాగో వాళ్లకి క్రిస్మస్ అలాగ: ఇంటిల్లిపాదీ సినిమాకి వెళ్లే రోజులు, థియేటర్ల కోసం నిర్మాతలు పోట్లాడుకునే రోజులు. 2024లో యాభయ్యో ఫెస్టివల్‌కి పది సినిమాలు తీసుకున్నారు. ఐదింటిని స్క్రిప్టు చూసి, మిగతా ఐదింటిని పూర్తయిన సినిమా చూసి ఎంపిక చేశారు. అన్నీ థియేటర్లో టికెట్టు కొని చూసే పూర్తి నిడివి సినిమాలు. ఇందులో మన ఇరవై నిమిషాల తెలుగు షార్ట్ ఫిల్మ్‌కి చోటెక్కడ?

మరి ఇంతమంది ఎలా మోసపోతున్నారు? పేర్ల వల్ల. మనీలా ఇంటర్నేషనల్ ఫిల్మ్ ఫెస్టివల్ అని 1982లో అప్పటి ఫిలిప్పీన్స్ అధ్యక్షుడు మార్కోస్ ప్రభుత్వం ఒకటి పెట్టింది. దానికోసం రాత్రింబవళ్లు హడావుడిగా కట్టిన ఫిల్మ్ సెంటర్లో 1981 నవంబరులో పరంజా కూలి కార్మికులు చనిపోయారు. ఆ ఫెస్టివల్ రెండేళ్లకే ఆగిపోయింది. ఇప్పుడు అదే పేరుతో 2024 నుంచి లాస్ ఏంజెలెస్‌లో ఒకటి జరుగుతోంది. ముఖ్యంగా మెట్రో మనీలా ఫెస్టివల్‌లో ఆడిన సినిమాలని అక్కడి ఫిలిపినోలకి చూపించి, విడిగా అవార్డులిస్తారు. ఇవి కాక మనీలా నగరం వాళ్లు జూన్‌లో జరిపే మనీలా ఫిల్మ్ ఫెస్టివల్ ఇంకొకటి. ఏజెంటు ఏ పేరు చెప్పినా గూగుల్‌లో నిజమైన ఫొటోలు, నిజమైన తారలు కనిపిస్తారు. దాంతో నమ్మేస్తారు.

కరీంనగర్ వైపు కుర్రాడొకడు తనకొచ్చిన సర్టిఫికెట్ నాకు పంపాడు. రెండు వైపులా బంగారు రంగు ఆకులు, మధ్యలో మెట్రో మనీలా పేరు, కింద "ఉత్తమ తొలి దర్శకుడు, ఆసియా". తేదీ మార్చి నెలది. సంతకం ఉంది, సంతకం కింద పేరు లేదు. జ్యూరీ ఎవరో లేదు, ఏ థియేటర్లో వేశారో లేదు. ట్రోఫీ కావాలంటే కొరియర్ ఖర్చులు మళ్లీ కట్టాలట. అప్పటికే వాళ్ల నాన్న ఊరి సెంటర్లో ఫ్లెక్సీ కట్టించేశాడు. చెప్పడానికి నాకు నోరు రాలేదు, అయినా చెప్పాను. చెప్పకపోతే ఇంకా నష్టం. ఆ "ఫెస్టివల్" అతని సినిమాని యూట్యూబ్‌లో అందరికీ కనిపించేలా పెట్టేసింది. ప్రీమియర్ (సినిమా మొదటి ప్రదర్శన తమ దగ్గరే జరగాలన్న షరతు) పట్టించుకునే నిజమైన ఫెస్టివల్స్‌కి ఇక ఆ సినిమా పనికిరాదు. ఫీజు డబ్బు మళ్లీ సంపాదించుకోవచ్చు, పోయిన ప్రీమియర్ తిరిగి రాదు.

మిగతా అపోహలు త్వరగా చెప్పేస్తాను. ఎక్కువ వసూలు చేసిన సినిమాకే ఉత్తమ చిత్రం ఇస్తారంటారు, అబద్ధం. 2023లో 'రివైండ్' అప్పటిదాకా ఏ ఫిలిప్పీన్స్ సినిమాకీ రానంత వసూలు చేసింది, ఉత్తమ చిత్రం మాత్రం 'ఫైర్‌ఫ్లై'కి వెళ్లింది. స్టార్లు లేకపోతే అవార్డు రాదన్నదీ తప్పే. 2016లో గెలిచిన 'సండే బ్యూటీ క్వీన్' హాంకాంగ్‌లో ఇళ్లలో పనిచేసే ఫిలిపినో మహిళల మీద తీసిన డాక్యుమెంటరీ. ఇక 1994లో వేదిక మీద తప్పుడు విజేతల పేర్లు చదివిన కుంభకోణాన్ని ఇప్పటికీ మెట్రో మనీలా ఫెస్టివల్‌కే అంటగడతారు. అది జరిగింది జూన్‌లో జరిగే మనీలా ఫిల్మ్ ఫెస్టివల్‌లో.

అవార్డుల రాత్రి ఎక్కువ ఏళ్లు డిసెంబరు 27నే ఉంటుంది, అంటే సినిమాలు విడుదలైన మూడో రోజు. నాకు ఈ పద్ధతి చాలా ఇష్టం. జనం రాలేదని రెండో రోజుకే తెరలు పోగొట్టుకునే చిన్న సినిమాకి అవార్డుతో మళ్లీ ఊపిరొస్తుంది. గెలిచాక థియేటర్లు పెరిగిన సినిమాలున్నాయి.

ఫిలిప్పీన్స్‌కే పంపాలని ఉంటే క్వెజాన్ సిటీలో జరిగే క్యూసినిమా ఫెస్టివల్ చూడండి, అందులో ఆసియా సినిమాలకి పోటీ విభాగం ఉంది. ఆ ఏడాది ఏ దేశాలని తీసుకుంటున్నారో నిబంధనల్లో మీరే చదవండి, ఏజెంటు మాట వద్దు. సినిమలాయా అనే ఫెస్టివల్‌కి ఎంత పేరున్నా అది ఫిలిపినో దర్శకుల పోటీ, ఫీజు కట్టి ఆశ పెట్టుకోకండి.

ఇప్పటికే డబ్బు కట్టేసి ఉంటే సిగ్గుపడి ఊరుకోవద్దు. కార్డు మీద కట్టినవాళ్లు ముందు బ్యాంకులో డిస్ప్యూట్ వేయండి, ఎలా కట్టినా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు ఇవ్వండి, చాట్లు, రసీదులు చెరిపేయకండి. యూట్యూబ్ లింకు తీయించండి, పోస్టర్ మీదున్న ఆ లారెల్ (అవార్డు ఆకుల గుర్తు) తీసేయండి. అది చేశాకే తర్వాతి ఫెస్టివల్‌కి స్క్రీనర్ (ఎంపిక చేసేవాళ్లు చూసే సినిమా కాపీ) పంపండి.