మొదటి క్యూఆర్‌పీ (తక్కువ పవర్ హామ్ రేడియో) కిట్: పార్టులు తక్కువైతే ఈజీ అని ఎవరు చెప్పారు?

కొత్తగా హామ్ రేడియో లైసెన్స్ వచ్చిన కుర్రాళ్ల దగ్గర్నించి నాకు తరచూ వచ్చే మెసేజ్ ఒకటుంది. "అన్నా, మొదటి కిట్ ఏది కొనాలి, పార్టులు తక్కువున్నది చెప్పు, నాకు సోల్డరింగ్ అంతగా రాదు." ఇంకొందరు ఒకడుగు ముందుకేసి "పిక్సీ కొనేశా, చేసేశా, ఏం వినపడట్లేదు" అంటారు. పిక్సీ అంటే అతి తక్కువ పార్టులతో వచ్చే చిన్న మోర్స్ రేడియో కిట్. రెండో రకం వాళ్లలో చాలామంది మళ్ళీ బ్యాండ్ మీద కనపడరు, అదే నా బాధ. నాలుగు వందలు పోయినందుకు కాదు, "మన వల్ల కాదులే" అని ఇస్త్రీ పెట్టె పక్కన సోల్డరింగ్ ఐరన్ కూడా అటక మీదకి ఎక్కిస్తారు చూడండి, అందుకు.

అందుకే ఈ ఒక్క అపోహ గురించి కాస్త గట్టిగా రాస్తున్నా, మిగతావి చివర్లో గబగబా చెప్పేస్తా.

అపోహ: పార్టులు ఎంత తక్కువుంటే కొత్తవాళ్లకి అంత ఈజీ.

వాస్తవం: చెయ్యడం ఈజీ, నిజమే. ఒక సాయంత్రంలో అయిపోతుంది. కానీ చేసింది పనిచేస్తోందో లేదో తెలుసుకోవడం, దాంతో ఒక మనిషిని పట్టుకోవడం, ఈ రెండూ పార్టులు తగ్గేకొద్దీ కష్టమవుతాయి. ఎందుకో పిక్సీనే తీసుకుని చూద్దాం. రెండు ట్రాన్సిస్టర్లు, ఒక ఎల్‌ఎం386 (ఆడియో చిప్), ఒక క్రిస్టల్, ఇంకొన్ని కెపాసిటర్లు. అంత తక్కువలో ట్రాన్స్‌సీవర్ (పంపడం, వినడం రెండూ చేసే రేడియో) ఎలా అయిందంటే, ట్రాన్స్‌మిట్‌లో పవర్ ఇచ్చే ఫైనల్ ట్రాన్సిస్టరే రిసీవ్‌లో మిక్సర్ పని, అంటే వచ్చిన సిగ్నల్‌ని చెవికి వినపడేలా మార్చే పని కూడా చేస్తుంది. గొప్ప తెలివైన సర్క్యూట్, డిజైన్ చేసినవాళ్లకి దండం పెట్టాలి. కానీ ఒకే పార్టు రెండు పనులు చేస్తుంటే, ఏది చెడిందో పట్టుకోవాల్సినప్పుడు కొత్తవాడు ఎక్కడ మొదలుపెట్టాలి? ఒక్కో స్టేజీ విడిగా టెస్ట్ చేసుకునే అవకాశమే లేదు. పనిచేస్తే అంతా పనిచేస్తుంది, లేదంటే మౌనం.

సరే పనిచేసిందే అనుకుందాం. మార్కెట్లో దొరికే పిక్సీల్లో ఎక్కువ శాతం 7.023 మెగాహెర్ట్జ్ క్రిస్టల్‌తో వస్తాయి. అంటే మీరు ఆ ఒక్క పాయింట్ మీద కూర్చోవాలి, అక్కడికి ఎవరో రావాలి, ఆ వచ్చినవాడు మోర్స్‌లో పిలవాలి, మీకు మోర్స్ రావాలి, మీ అర వాటో వాటో అతనికి వినపడాలి. ఇక రిసీవర్ డైరెక్ట్ కన్వర్షన్, అంటే సిగ్నల్‌ని నేరుగా ఆడియోగా మార్చే రకం, ముందు చెప్పుకోదగ్గ ఫిల్టర్ ఏమీ ఉండదు, రాత్రయ్యేసరికి 7.2 పైన ఉండే షార్ట్‌వేవ్ బ్రాడ్‌కాస్ట్ స్టేషన్లన్నీ పిలవని పేరంటానికి వచ్చినట్టు హెడ్‌ఫోన్‌లోకి వచ్చి కూర్చుంటాయి. చైనా భాషలో వార్తలు వినపడుతుంటే కొత్తవాడు ఏమనుకుంటాడు, నేనేదో తప్పు చేశా అనుకుంటాడు.

వరంగల్ వైపు నించి ఒక పెద్దాయన వచ్చారు, కరెంటాఫీసులో చేసి రిటైరయ్యారు, అరవై దాటాక పరీక్ష రాసి వీయూ3 కాల్‌సైన్ తెచ్చుకున్నారు. బోర్డుని పాత స్వీట్ డబ్బాలో పెట్టుకుని బస్సులో తెచ్చారు. "బాబూ, వయసైపోయింది కదా, చెయ్యి వణుకుతోందేమో, సోల్డరింగ్ సరిగ్గా పడట్లేదు, పార్టులన్నీ ఊడదీసి మళ్ళీ వేశా, అయినా పలకట్లేదు" అన్నారు. చూస్తే సోల్డర్ కీళ్లన్నీ మెరుస్తున్నాయి, జీవితమంతా లైన్ల మీద పనిచేసిన చెయ్యి కదా. డమ్మీ లోడ్ (యాంటెన్నాకి బదులు పెట్టే రెసిస్టర్) పెట్టి కీ నొక్కితే అర వాటు పైనే చూపించింది. నా రేడియోని పక్క గదిలో 7.023 మీద పెట్టి సన్నగా సిగ్నల్ ఇస్తే ఆయన హెడ్‌ఫోన్‌లో టకటకా వినపడింది. బోర్డు మొదటి రోజు నించీ బాగానే ఉంది! "సార్, అసలు మీరు దీంతో ఏం చేద్దామనుకున్నారు" అని అడిగా. "విశాఖలో మా ఫ్రెండున్నాడు, పొద్దున్నే హామ్‌లంతా బ్యాండ్ మీద కలిసే నెట్‌లో వస్తాడట, వాడితో మాట్లాడదామని" అన్నారు. మాట్లాడటం. పిక్సీలో మైక్ పెట్టే చోటే లేదు, అది సీడబ్ల్యూ, అంటే మోర్స్ మాత్రమే, ఆయనకి మోర్స్ రాదు, ఆయన తీసుకున్న రెస్ట్రిక్టెడ్ గ్రేడ్‌కి మోర్స్ పరీక్షే ఉండదు కాబట్టి రావాల్సిన అవసరం కూడా పడలేదు. కొనేముందు "ఎవరితో, ఏ మోడ్‌లో" అని ఆయన్ని ఒక్కరూ అడగలేదు, అందరూ "చీప్ సార్, ఈజీ సార్" అనే చెప్పారు. నాకు కోపం వచ్చింది ఆ చెప్పినవాళ్ల మీద.

మరి దేన్ని బట్టి ఎంచుకోవాలి? నన్నడిగితే పార్టుల లెక్క చూడొద్దు, దారిలో ఆగి చెక్ చేసుకునే చోట్లు ఎన్నున్నాయో చూడండి. ఉదాహరణకి మన హైదరాబాద్ అష్హర్ ఫర్హాన్ గారు (వీయూ2ఈఎస్ఈ) డిజైన్ చేసిన బిట్‌ఎక్స్ ట్రాన్స్‌సీవర్ తీసుకోండి. మొదటి బిట్‌ఎక్స్20లో పార్టులు వందకి పైనే ఉంటాయి, చూస్తే భయమేస్తుంది. కానీ మొదట ఆడియో ఆంప్లిఫయర్ ఒక్కటే కడతారు, కట్టి వాల్యూమ్ పాట్ మధ్య కాలు మీద స్క్రూడ్రైవర్ ఆనిస్తే స్పీకర్ బుర్రుమంటుంది, అంటే అది పాస్. తర్వాత బీఎఫ్ఓ (మాటని వినపడేలా చేసే ఆసిలేటర్), తర్వాత వీఎఫ్ఓ (ట్యూన్ చేసే ఆసిలేటర్), తర్వాత క్రిస్టల్ ఫిల్టర్, ఐఎఫ్ (మధ్యలో సిగ్నల్ పెంచే స్టేజీ). ఒక్కోటి పలికాకే రెండోదానికి వెళ్తారు. రిసీవర్ పలికిన రోజు రాత్రి నిద్రపట్టదు, ట్రాన్స్‌మిటర్ సంగతి తర్వాత చూద్దాంలే అనిపిస్తుంది. పైగా పార్టులన్నీ ఇక్కడ దొరికేవే ఎంచుకున్నారు, ఫిల్టర్‌కి కంప్యూటర్లలో వాడే 10 మెగాహెర్ట్జ్ క్రిస్టల్స్, ఫైనల్‌కి ఐఆర్ఎఫ్510 ట్రాన్సిస్టర్, టొరాయిడ్ (కాయిల్ చుట్టే రింగు) దొరక్కపోతే వీఎఫ్ఓ కాయిల్‌ని నల్లా వాషర్ మీద చుట్టుకోమన్నారు. కోఠి గుజరాతీ గల్లీలో ఒక మధ్యాహ్నం తిరిగితే చాలావరకు సంచిలో పడతాయి. ఇది ఎస్ఎస్‌బీ, అంటే మైక్‌లో మాట్లాడే మోడ్ కాబట్టి ఆ పెద్దాయన లాంటివాళ్లకి ఇదే దారి. మొత్తం కట్టే ఓపిక లేదంటే ఇదే కుటుంబంలో తర్వాత వచ్చిన బోర్డులున్నాయి, బిట్‌ఎక్స్40, యూబిట్‌ఎక్స్ లాంటివి, ఎస్ఎండీ (బోర్డు పైన అతికే బుల్లి) పార్టులు ముందే వేసి ఇచ్చారు, మనం వైరింగ్ చేసుకుని డబ్బాలో పెట్టుకోవడమే. ఇప్పుడు కొత్తవి దొరక్కపోయినా చేతులు మారేవి దొరుకుతుంటాయి, మీ ఊరి హామ్‌లని అడగండి.

మోర్స్ వచ్చు, లేదా నేర్చుకోవాలని గట్టిగా ఉంది అంటే అప్పుడు క్యూఆర్‌పీ ల్యాబ్స్ వాళ్ల మోర్స్ కిట్ క్యూసీఎక్స్ ప్లస్ చూడండి. దానిలో పార్టులు పిక్సీకి ఎన్నో రెట్లు, అయినా కొత్తవాళ్లకి నేను దాన్నే చెప్తా. మాన్యువల్ వంద పేజీలు దాటుతుంది, ఒక్కో రెసిస్టర్ ఎక్కడ వెయ్యాలో బొమ్మతో ఉంటుంది, అలైన్‌మెంట్‌కి (కట్టాక సరిచేసుకోవడానికి) కావాల్సిన సిగ్నల్ జనరేటర్, వోల్ట్‌మీటర్ దాని లోపలే ఉన్నాయి. 200 హెర్ట్జ్ ఫిల్టర్ ఉంది కాబట్టి పక్క స్టేషన్ గోల ఉండదు, ట్యూన్ చేసుకోవచ్చు, 5 వాట్ల దాకా ఇస్తుంది. సింగిల్ బ్యాండ్ కిట్, 40 మీటర్లదే (అంటే 7 మెగాహెర్ట్జ్ బ్యాండ్) తీసుకోండి. క్యూసీఎక్స్ మినీ చూడ్డానికి ముద్దుగా ఉంటుంది కానీ మొదటిసారికి చోటు ఎక్కువున్న ప్లస్ నయం. ఎఫ్‌టీ8 (కంప్యూటర్‌తో నడిచే డిజిటల్ మోడ్) మీద మోజున్న కుర్రాళ్లు వాళ్లవే క్యూడీఎక్స్, క్యూఎంఎక్స్ అంటున్నారు, మంచివే, కానీ చిన్న బోర్డులో ఇరుకు పని, రెండో కిట్‌గా పెట్టుకోండి.

కొనేముందు ఇంకో పని, పైసా ఖర్చు లేనిది. ఇంటర్నెట్‌లో వెబ్‌ఎస్‌డీఆర్ అని బ్రౌజర్‌లోనే తిప్పి వినగలిగే రిసీవర్లుంటాయి, మనకి దగ్గర్లో ఏది దొరికితే అది తెరిచి 7.000 నించి 7.200 మెగాహెర్ట్జ్ వరకు పొద్దునా సాయంత్రం తిప్పి వినండి. మీకు తెలిసిన కాల్‌సైన్లు ఎక్కడున్నాయి, మాట్లాడుతున్నారా, కీ కొడుతున్నారా, అదే మీ కిట్ ఏ బ్యాండో ఏ మోడో చెప్పేస్తుంది.

పిక్సీని తిడుతున్నా అనుకోకండి. రెండో మూడో కిట్‌గా దానంత సరదా ఇంకోటి లేదు, మోర్స్ వచ్చిన ఫ్రెండ్స్ ఇద్దరు ఒకే ఊళ్లో ఉంటే మరీ. మొదటి కిట్‌గా మాత్రం వద్దు.

ఇక మిగతా అపోహలు.

"5 వాట్లతో ఎవడికి వినపడుతుంది?" 100 వాట్లకీ 5 వాట్లకీ తేడా 13 డీబీ, ఎస్ మీటర్ (సిగ్నల్ బలం చూపేది) మీద రెండు పాయింట్లు కాస్త పైన, అంతే. 100 వాట్లతో ఎస్9 వచ్చేవాడు 5 వాట్లకి దిగితే ఎస్7 దగ్గర వస్తాడు. సిగ్నల్ ఎంత దూరం పోతుందో చూసే డబ్ల్యూఎస్‌పీఆర్ మోడ్‌లో 200 మిల్లీవాట్ల సిగ్నళ్లు వేల కిలోమీటర్లు పోతున్నాయి. అబద్ధం ఎందుకు చెప్పాలి, సిటీ నాయిస్‌లో 5 వాట్ల ఎస్ఎస్‌బీ ఓపిక పని, రెండుమూడు సార్లు పిలవాలి. కానీ యాంటెన్నా సంగతి వదిలేసి వాట్ల గురించి మాట్లాడేవాళ్లతో నాకు విసుగు. 40 మీటర్ల డైపోల్ అంటే అటు పది మీటర్లు ఇటు పది మీటర్లు తీగ, ఆరేడు మీటర్ల ఎత్తులో కట్టినా పగలు విజయవాడ, విశాఖ చక్కగా అందుతాయి.

"పవర్ తక్కువ కదా, లైసెన్స్ ఎందుకు?" కావాలి. హామ్ బ్యాండ్‌లో మిల్లీవాట్ అయినా గాల్లోకి వదలాలంటే పరీక్ష పాసై లైసెన్స్ ఉండాల్సిందే. ఎవరో గ్రూపులో ఒక వాటు లోపు ఫ్రీ అన్నారట. అన్నవాడిని ఆ రూలు చూపించమనండి. బయటి దేశం నించి తెప్పించే కిట్ కస్టమ్స్‌లో ఆగితే మొదట అడిగేది కూడా ఆ కాగితమే.

"టొరాయిడ్ చుట్టడం బ్రహ్మవిద్య." కాదు. తీగ రింగు లోపల్నించి ఒకసారి వెళ్తే ఒక చుట్టు, అంతే లెక్క. తొంభై శాతం గొడవ చుట్టడంలో కాదు, చివర్ల ఎనామిల్ పోకపోవడంలో ఉంటుంది, బ్లేడుతో గీకి సీసం పట్టించి, బోర్డులో వేశాక మీటర్‌తో కంటిన్యుటీ చూడండి. నా దగ్గరికి "చచ్చిపోయింది" అని వచ్చిన కిట్లలో ఎక్కువ ఇక్కడే బతికాయి.

"ఆసిల్లోస్కోప్ లేకపోతే మొదలుపెట్టకూడదు." మల్టీమీటర్, 25 వాట్ల ఐరన్, డమ్మీ లోడ్, చాలు. డమ్మీ లోడ్ కొనక్కర్లేదు, 1 కిలోఓమ్ క్వార్టర్ వాట్ రెసిస్టర్లు ఇరవై సమాంతరంగా కలిపితే 50 ఓమ్‌లు, 5 వాట్లు తట్టుకుంటుంది. ఇది ముందు చేసుకోండి, కిట్ కన్నా ముందు. యాంటెన్నా లేకుండా కీ నొక్కితే క్యూసీఎక్స్ ఫైనల్ ట్రాన్సిస్టర్లు బీఎస్170లు మీ డబ్బుతో సహా పొగైపోతాయి.

"ఏదో ఒక 12 వోల్ట్ అడాప్టర్ చాలు." చీప్ స్విచ్చింగ్ అడాప్టర్ అయితే మీరు వినేది బ్యాండ్‌ని కాదు, అడాప్టర్‌ని. పాత యూపీఎస్‌లో వాడే 7 ఏహెచ్ బ్యాటరీ ఒకటి పెట్టుకోండి, ఫ్యూజు వేసి, ప్లస్ మైనస్ రెండుసార్లు చూసి. కొన్ని కిట్లలో కాయిల్‌ని 9 వోల్ట్‌కి ఒక రకంగా 12కి ఒక రకంగా చుట్టాలి, క్యూఎంఎక్స్ అలాంటిదే, ఏ వోల్టేజీకి కడుతున్నారో ముందే తేల్చుకుని డబ్బా మీద మార్కర్‌తో రాసేయండి. మాన్యువల్ కూడా మీ బోర్డు మీద అచ్చేసిన రివిజన్‌దేనా అని ఒకసారి చూసుకోండి, పాత పీడీఎఫ్ డౌన్‌లోడ్ చేసుకుని కొత్త బోర్డు కట్టి, రెండు పార్టులు మిగిలిపోయాయేంటన్నా అని అర్ధరాత్రి ఫోన్ చేసేవాళ్లు కూడా ఉన్నారు.