‘లైఫ్ ఈజ్ బ్యూటిఫుల్’: వెయ్యి పాయింట్ల ఆట వెనక 1938 నాటి చట్టాలు

రొబెర్తో బెనీని తీసిన ‘లైఫ్ ఈజ్ బ్యూటిఫుల్’ 1997 డిసెంబరులో ఇటలీలో విడుదలైంది. 2012లో శేఖర్ కమ్ముల తీసిన తెలుగు సినిమాకి, దీనికి పేరొక్కటే కలిసింది. గ్విదో అనే యూదు నాజీ క్యాంపులో పడ్డాక, ఇదంతా ఒక ఆట అని కొడుకు జోజుయెని నమ్మించడమే కథ. 1999 మార్చిలో దీనికి మూడు ఆస్కార్లు వచ్చాయి. చావుల క్యాంపులో నవ్వులేమిటన్న గొడవ అప్పటికే మొదలైంది, ఇంకా తెగలేదు. అయితే ఆ గొడవంతా సినిమా రెండో సగం గురించే. ఇటలీ చరిత్రను సూటిగా పట్టుకున్నది మాత్రం మొదటి సగం.

కథ 1939లో మొదలవుతుంది. అప్పటికి ఇటలీలో జర్మన్ సైన్యం లేదు, ముస్సోలినీ సొంత చట్టాలున్నాయి. 1938 జులైలో వచ్చిన ‘జాతి మ్యానిఫెస్టో’ ఇటాలియన్లు ఆర్యులని, యూదులు ఆ జాతివాళ్ళు కారని తేల్చేసింది. సెప్టెంబరులో యూదు పిల్లల్ని, టీచర్లని బడుల నుంచి వెళ్ళగొట్టారు. నవంబరు 17న వచ్చిన డిక్రీ యూదులకి ప్రభుత్వోద్యోగాలు లేకుండా చేసి, ‘ఆర్యుల’తో పెళ్ళిళ్ళని నిషేధించింది.

బడి సీను దీని మీదే. రోమ్ నుంచి వచ్చిన ఇన్‌స్పెక్టర్‌నని చెప్పుకుని గ్విదో టేబులెక్కి, తన చెవినీ బొడ్డునీ చూపించి శ్రేష్ఠమైన జాతికి రుజువులు ఇవేనంటాడు. వెటకారమంతా మ్యానిఫెస్టో రాసిన ‘శాస్త్రవేత్తల’ మీద. బాధితుల మీద ఒక్క జోకూ లేదు. ‘యూదులకు, కుక్కలకు ప్రవేశం లేదు’ అన్న బోర్డు గురించి కొడుకు అడిగితే, మన కొట్టు ముందు సాలీళ్ళకీ విసిగోతులకీ (పాతకాలపు జర్మానిక్ తెగ) ప్రవేశం లేదని పెడదాం అంటాడు.

ఒక్కచోట స్క్రిప్టు తప్పించుకుంది. గ్విదో ప్రేమించిన దోరా యూదు కాదు, కాబట్టి ఆ పెళ్ళి చట్టప్రకారం కుదరదు. వాళ్ళిద్దరూ గ్రీన్‌హౌస్‌లోకి వెళ్తారు, అదే గుమ్మంలోంచి కొడుకు బయటికి వస్తాడు. పెళ్ళి మాటే రాదు.

1943 సెప్టెంబరు 8న ఇటలీ మిత్రపక్షాలతో సంధి ప్రకటించగానే జర్మన్లు దిగారు. అక్టోబరు 16న రోమ్‌లో పట్టుకున్న యూదుల్లో వెయ్యిమందికి పైగా నాజీల చావుల క్యాంపు ఆష్విట్జ్‌కి వెళ్తే, తిరిగొచ్చింది 16 మంది. నవంబరు 30న జర్మన్ల అండతో నడిచిన ముస్సోలినీ కొత్త ప్రభుత్వమే, యూదులందరినీ అరెస్టు చేయమని ఇటాలియన్ పోలీసులకి 5వ నంబరు ఆదేశం ఇచ్చింది. ఇది సినిమాలో లేదు. దోరా ఇంటికొచ్చేసరికి ఇల్లు చిందరవందరగా ఉంటుంది, అంతే. ‘మన ఇటాలియన్లు మంచివాళ్ళు, చేసిందంతా జర్మన్లే’ అన్న పాత మాటకి అదొక సందు. నవ్వుల మీద ఉన్న అభ్యంతరం కన్నా ఇది పెద్దది.

బెనీని తండ్రి లుయీజీ యూదు కాదు. సంధి తర్వాత జర్మన్లు పట్టుకున్న ఇటాలియన్ సైనికుల్లో ఒకడిగా లేబర్ క్యాంపులో గడిపాడు. పిల్లలు దడుచుకోకుండా ఆ రోజుల్ని నవ్విస్తూ చెప్పేవాడట.

క్యాంపు సీన్లు తెర్నీ దగ్గర పాపీన్యోలో మూతపడిన ఫ్యాక్టరీలో తీశారు. ఆ క్యాంపుకి పేరు లేదు. చివర్లో వచ్చేది అమెరికన్ ట్యాంకు. ఆష్విట్జ్‌ని విడిపించింది సోవియట్ సైన్యం. కాబట్టి ఇది ఆష్విట్జ్ కాదు. చిన్నపిల్లలు బతకడం అసాధ్యమనే వాదనలో బలముంది, ఆష్విట్జ్‌లో వాళ్ళని దిగగానే గ్యాస్‌కి పంపేవారు. అయితే అమెరికన్లు 1945 ఏప్రిల్ 11న చేరిన మరో నాజీ క్యాంపు బూహెన్‌వాల్డ్‌లో దాదాపు 900 మంది పిల్లలు, కుర్రాళ్ళు బతికి ఉన్నారు. కొందరిని తోటి ఖైదీలే దాచి కాపాడారు.

బ్యారక్ సీను ఇటాలియన్ ఆడియోతోనే చూడాలి. ఆఫీసరు జర్మన్‌లో క్యాంపు రూల్సు అరుస్తుంటాడు. జర్మన్ రాని గ్విదో ‘తర్జుమా’ చేస్తాడు: వెయ్యి పాయింట్లు ముందు తెచ్చుకున్నవాడికి ట్యాంకు, ఏడిస్తే, అమ్మ కావాలంటే, ఆకలని తిండి అడిగితే పాయింట్లు పోతాయి. ఆఫీసరు ఎక్కడ ఆపితే అక్కడ ఆపుతాడు, చెయ్యి ఎటు తిప్పితే అటు తిప్పుతాడు. జర్మన్‌కి సబ్‌టైటిల్ పడితే సీను చచ్చిపోతుంది, ఎందుకంటే అక్కడ నిలబడ్డ ఖైదీల్లాగే మనకీ ఆ ముక్కలు అర్థం కాకూడదు.

27 జనవరిని నాజీల చేతుల్లో పోయిన యూదుల స్మృతి దినంగా ఇటలీ 2000లో చట్టం చేసింది. ఆష్విట్జ్ విముక్తి తేదీ అది. రోమ్ అరెస్టుల తేదీ పెట్టాలన్న ప్రతిపాదనా వచ్చింది, నెగ్గలేదు. అయినా 211వ నంబరు చట్టంలో ‘జాతి చట్టాలు’ అన్న మాట, యూదు పౌరుల మీద ఇటలీ సాగించిన వేధింపు అన్న మాట రాసే ఉన్నాయి.